మెట్ల మీద పట్టిన చెమట

(ప్రపంచ మధుమేహ దినం నాడు తిరుపతిలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, పనులు మానుకుని వచ్చి కూర్చున్న మీ అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం 'హార్మోన్లు: రకాలు, పనిచేసే తీరు'. రకాల సంగతి త్వరగా ముగిస్తాను. ఈ రోజు నవంబరు 14, ఇన్సులిన్‌ను కనుగొన్న బాంటింగ్ 1891లో పుట్టిన రోజు. ఊరేమో తిరుపతి. ఈ రెండూ కలిసిన చోట చెప్పకపోతే తప్పయ్యే మాట ఒకటుంది.

హార్మోన్ అనే మాటను 1905లో లండన్‌లో స్టార్లింగ్ వాడుకలోకి తెచ్చాడు. కదిలించేది అని అర్థం. వినాళ గ్రంథిలో పుట్టి, నేరుగా రక్తంలో కలిసి, దూరానున్న అవయవాన్ని కదిలిస్తుంది. రక్తం ఒళ్లంతా తిరుగుతుంది కదా, ఫలానా అవయవమే ఎందుకు కదులుతుంది? ఆ హార్మోన్‌ను పట్టుకునే గ్రాహకం అక్కడి కణాలకు ఉంటుంది గనక.

రసాయనాన్ని బట్టి మూడు తెగలు. ఇన్సులిన్, గ్లూకగాన్ ప్రొటీన్ తెగ. కార్టిసాల్, ఈస్ట్రోజెన్, టెస్టోస్టిరాన్ కొలెస్టరాల్ నుంచి తయారయ్యే స్టిరాయిడ్లు. అడ్రినలిన్, థైరాక్సిన్ టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి పుడతాయి. స్టిరాయిడ్లు కొవ్వులో కరుగుతాయి, కణం పొర దాటి లోపలికి పోయి జన్యువుల దగ్గర పని మొదలుపెడతాయి. ఫలితం తెలియడానికి గంటలు, రోజులు పడుతుంది. థైరాక్సిన్ మూడో తెగదైనా పనితీరు వీటిదే. అది రక్తంలో సగానికి తగ్గడానికే వారం పడుతుంది. మాత్ర డోసు మార్చాక ఆరు వారాలు ఆగి పరీక్ష చేయించుకోమనేది అందుకే. అడ్రినలిన్, ఇన్సులిన్ అలా కాదు. కణం గడప దగ్గరే కబురు అందిస్తాయి, సెకన్లలో, నిమిషాల్లో పని జరిగిపోతుంది. ఇన్సులిన్‌లో ఉన్నవి 51 అమైనో ఆమ్లాలు. మింగితే పప్పులోని ప్రొటీన్‌ను అరిగించినట్టే కడుపు దాన్నీ అరిగించేస్తుంది. మాత్రగా కాక సూదిగా ఇచ్చేది అందువల్లే.

రకాలు ఇంతటితో చాలు. అలిపిరికి వెళదాం.

3,550 మెట్లు. గాలిగోపురం దాకా నిట్టనిలువు ఎక్కుడు, చివర్లో మోకాళ్ల పర్వతం. ఎక్కేవాడి తొడ కండరంలో ఏం జరుగుతుందో చూడండి. గ్లూకోజును లోపలికి తీసుకునే తలుపులు కణంలో ఉంటాయి, గ్లూట్-4 అని వాటి పేరు. మామూలుగా లోపలే ఉండిపోతాయి. ఇన్సులిన్ కబురు అందితే పైపొరకు వస్తాయి. అయితే కండరం గట్టిగా పనిచేసినా వస్తాయి, ఇన్సులిన్‌తో పని లేకుండానే. ఆరోగ్యవంతుడు మెట్లెక్కుతుంటే క్లోమం ఇన్సులిన్‌ను తగ్గించేస్తుంది. రక్తంలో అప్పటికే ఉన్నది ఐదారు నిమిషాల్లో సగమైపోతుంది. గ్లూకగాన్ కాలేయం చేత దాచిన చక్కెర వదిలిస్తుంది. షుగర్ నిలబడుతుంది.

సూదితో వేసుకున్నదాన్ని మాత్రం వెనక్కి తీయలేం. పొద్దున ఆరింటికి 30/70 ఇన్సులిన్ మిశ్రమం వేసుకుని, రెండు ఇడ్లీలు తిని, ఎనిమిదింటికి మొదటి మెట్టుకు పసుపు కుంకుమ పెట్టి బయలుదేరిన మనిషి సంగతి లెక్క వేయండి. ఆ మిశ్రమంలో నూటికి 70 వంతులు నెమ్మదిగా పనిచేసేది, దాని జోరు నాలుగు గంటల తర్వాత అందుకుంటుంది. అంటే పదింటి తర్వాత. మోకాళ్ల పర్వతం దగ్గరో, పైన కంపార్టుమెంటులోనో ఉంటాడు అప్పటికి. భోజనం ఎన్నింటికో తెలియదు. దర్శనమయ్యేదాకా పచ్చి గంగ ముట్టనని మొక్కుకున్నవాళ్లూ ఉంటారు. తొడకు సూది వేసుకుంటే, పనిచేసే తొడలో రక్తం జోరుగా పారి మందు ఇంకా త్వరగా ఒంటికి ఎక్కుతుంది. కొండెక్కే రోజు పొట్టకే వేసుకోండి. గ్లిమిపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ అనే షుగర్ మాత్రలతోనూ షుగర్ పడిపోయే ఇదే ప్రమాదం, అవి క్లోమాన్ని పిండి ఇన్సులిన్ తీయిస్తాయి గనక. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ భయం చాలా తక్కువ.

ఇక నేను చెప్పాలని వచ్చిన మాట. షుగర్ 70 కంటే కిందికి పడిపోతే ఒళ్లు అడ్రినలిన్ వదులుతుంది. చెమట, గుండె దడ, కాళ్ల వణుకు. అయ్యా, అమ్మా, వెయ్యి మెట్లెక్కాక ఇవి ఎవరికి ఉండవు చెప్పండి? పక్కనున్న కొడుకు 'ఎండకు అలిసిపోయినావు నాయనా, గోవిందా అను, ఇంక కొంచెమే' అంటాడు. లో షుగర్ మనల్ని మోసం చేసేది ఇక్కడే. అలసట వల్ల పట్టిన చెమట కాసేపు కూర్చుంటే ఆరిపోతుంది. లో షుగర్ చెమట చల్లగా ఉంటుంది, కూర్చున్నా తగ్గదు. ఆకలి, చిరాకు, మాట తడబడటం తోడవుతాయి. మాట తడబడిందంటే మెదడుకు చక్కెర చాలడం లేదని. అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి బీపీ మాత్రలు వాడేవాళ్లకు దడ, వణుకు తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. వేలు గుచ్చి చూడండి. మీటరు దగ్గర లేదంటే లో షుగరే అనుకుని చక్కెర ఇవ్వండి. మళ్లీ చెబుతున్నాను, అనుమానం వస్తే ఇచ్చెయ్యండి. కాసేపు షుగర్ పెరిగితే సర్దుకోవచ్చు, పడిపోయి ఉండిపోతే ప్రాణం మీదికి వస్తుంది.

ఎంత ఇవ్వాలి? 15 గ్రాములు. మూడు టీస్పూన్ల చక్కెర, అర గ్లాసు నీళ్లలో. పదిహేను నిమిషాలాగి చూసి, ఇంకా 70 దాటకపోతే మళ్లీ అంతే. లడ్డు పెట్టకండి. ప్రసాదం మీద భక్తి లేక చెబుతున్న మాట కాదిది. నెయ్యి కడుపులో ఉన్నదాన్ని త్వరగా కిందికి దిగనివ్వదు, చక్కెర రక్తంలో కలిసేసరికి ఆలస్యమైపోతుంది. ముందు చక్కెర నీళ్లు, తేరుకున్నాక లడ్డు. స్పృహ తప్పిన మనిషి నోట్లో చుక్క కూడా పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

కొండ దిగి ఇంటికొచ్చాక అయిపోయిందనుకోవద్దు. ఖాళీ అయిన కండరాలు ఆ రాత్రంతా చక్కెర లాగుతూనే ఉంటాయి, పడుకునే ముందు ఒకసారి చూసుకోండి. డోసు ఎంత తగ్గించాలో ముందే మీ డాక్టరును అడగండి. సొంతంగా మాత్రం మానకండి. ముఖ్యంగా ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని టైప్-1 పిల్లల తల్లిదండ్రులకు చెబుతున్నాను, ఇన్సులిన్ పూర్తిగా ఆపితే కొవ్వు కరిగి పుట్టే కీటోన్లనే ఆమ్లాలు రక్తంలో పేరుకుని ఆస్పత్రి పాలవుతారు.

సిరంజి సంగతి ఒకటి మిగిలింది. మన దగ్గర సీసాల్లో ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లుంటాయి, ఇన్సులిన్ పెన్నులో వేసే కార్ట్రిడ్జిలో 100. ఎర్ర మూత సిరంజి 40దానికి, నారింజ మూతది 100దానికి. ప్రయాణంలో పెన్ను పాడైందని కార్ట్రిడ్జిలోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే, ఒంట్లోకి పోయేది 50 యూనిట్లు. ఇన్సులిన్ వాడేవాళ్లను సంచీలో తెచ్చుకోమన్నాం కదా, సీసా, సిరంజి బయటికి తీయండి. సీసా మీద 40 ఉందా 100 ఉందా, మూత ఏ రంగు, ముందు వరస నుంచి ఒక్కొక్కరిదీ చూస్తాను.