పారిస్ ఆర్డరు, పల్లె మగ్గం: చేతికుట్టుకి రేటు కట్టేదెలా?

పాల్గొన్నవారు: ఎగుమతి ఆర్డర్లు చేసే ఒక ఫ్యాషన్ డిజైనర్, హైదరాబాద్ పాతబస్తీ కార్ఖానాలో మగ్గం మాస్టర్, తండా మహిళల కుట్టు సంఘం నిర్వాహకురాలు.

సమన్వయకర్త: నమస్కారం. 2023 మార్చి 30న ముంబైలో గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర పారిస్ బ్రాండు డియోర్ ఫ్యాషన్ షో జరిగింది. ఆ బట్టల మీద కుట్టుపని ముంబైలోనే ఉన్న చాణక్య స్కూల్ ఆఫ్ క్రాఫ్ట్‌తో కలిసి చేయించారు. విదేశీ బ్రాండ్ల కుట్టు మన దగ్గర జరుగుతుందని చాలామందికి ఆ రోజే తెలిసింది. నిజానికి ఇది పాత సంగతే. ఫ్రాన్స్‌లో ఎంబ్రాయిడరీకి పేరున్న లెసాజ్ కుటుంబీకుడు చెన్నైలో వస్త్రకళ అనే ఎంబ్రాయిడరీ సంస్థ పెట్టింది 1993లో. మరి అంత ఖరీదైన పని మన ఊళ్లదాకా ఎందుకు రావట్లేదు? డిజైనర్ గారూ, మీతో మొదలుపెడదాం.

డిజైనర్: అన్ని కుట్లనీ ఒక గాట కట్టేస్తాం, చిక్కు అక్కడే వస్తుంది. మగ్గం మీద, అంటే గుడ్డని బిగించి కట్టే కర్రల చట్రం మీద కుట్టేది వేరు, ఒళ్లో పెట్టుకుని కుట్టేది వేరు. లక్నో చికన్ రెండో రకం. కత్తిరించిన గుడ్డ మీద నీలిమందుతో అచ్చు వేసి ఊళ్లకి పంపుతారు. ఆడవాళ్లు ఇంటి పని మధ్యలో కుడతారు. తిరిగొచ్చాక ఉతికితే నీలి పోతుంది. మగ్గం అక్కర్లేదు కాబట్టే ఆ పని లక్నో చుట్టుపక్కల పల్లెల్లోకి అంతగా పాకింది. మన లంబాడీ కుట్టుకీ మగ్గం అక్కర్లేదు. జరీ తీగతో కుట్టే జర్దోసీ, కొండి సూదితో గొలుసుకుట్టు వేసే ఆరీ పని అలా కాదు. అందుకే అది పట్నం కార్ఖానాల్లో, ఎక్కువగా మగవాళ్ల చేతుల్లో ఉండిపోయింది.

మాస్టర్: మగ్గమంటే నాలుగు కర్రలే, ఖర్చేం కాదు. జాగానే కష్టం. నలుగురు కూసోవాలంటే ఎనిమిది పదడుగుల మగ్గం గావాలె. రెండు దిక్కుల కాళ్లు ముడుసుకొని కూసునే జాగా, నెత్తి మీద తెల్ల లైటు. ఇంట్ల పెడితే మంచమేసుకోనీకి జాగుండదు. పిల్లలు తాకుతరు, పొయ్యి పొగ జరీకి పడ్తది. ఊళ్ల ఒక షెడ్డు చూపించకుండ మహిళలకు మగ్గం నేర్పినం అంటే నేర్పినట్టు గాదు.

సమన్వయకర్త: మగ్గం మీద పనిలో కొత్తవాళ్లు ఎక్కడ దెబ్బతింటారు మాస్టరు గారూ?

మాస్టర్: గుడ్డ గుంజుట్ల. ముందుగాల గుడ్డ అంచులకు కోరా బట్ట పట్టీ కుట్టి, ఆ పట్టీని కర్రకు కట్టాలె. నిలువు పోగు నిలువుగనే ఉండాలె. ఒక మూల ఎక్కువ గుంజినరనుకో, మగ్గం మీద పువ్వు మంచిగనే కనబడ్తది, దించినంక వంకర. జార్జెట్‌నైతే అసలే ఎక్కువ గుంజొద్దు. విప్పినంక కుట్టు చుట్టూ ముడతలొస్తయ్, ఇస్త్రీకి పోవు. అట్లని వదులుగ కడితే ఆరీ సూది కొండి కింద దారానికి బదులు గుడ్డ పోగును పట్టుకుంటది. వానకాలం గుడ్డ సాగుతది, పొద్దున పని షురూ చేసేముందు మళ్లొకపారి బిగించాలె.

డిజైనర్: ట్రేసింగ్ గురించి కూడా చెప్పండి. మా దగ్గర తిరస్కరించే పీసుల్లో మరకలవే ఎక్కువ.

మాస్టర్: బటర్ పేపర్ మీద గీసి, గీత పొడుగునా సూదితో దగ్గర దగ్గర పొడవాలె. ముదురు రంగు గుడ్డకు జింకు పొడి, లేత రంగుకు నీలి, కిరోసిన్‌ల కలిపి బట్ట ఉండతో రుద్దుతరు. కిరోసిన్ ఎక్కువైతే చుక్క చుక్క పాకి గీత లావైతది, పట్టు మీద నూనె మరక నిలుస్తది. ఉండను పిండినంకనే రుద్దాలె. ఎప్పుడైనా గదే గుడ్డ తుంట మీద ఒకపారి వేసి, ఆరినంక దులిపి చూడాలె. గా పది నిమిషాలకు బద్ధకిస్తే పది మీటర్ల గుడ్డ పోతది.

సమన్వయకర్త: ఇక డబ్బు సంగతి. అమ్మా, మీ సంఘాలకి ఆర్డరు వచ్చినప్పుడు రేటు ఎలా కడతారు?

నిర్వాహకురాలు: పువ్వు చూపించి "దీనికి ఎంత?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకి అక్కడికక్కడ జవాబు చెప్పామా, మునిగినట్టే. పువ్వు లెక్క కాదు, గంటల లెక్క కట్టాలి. పది సెంటీమీటర్ల చదరం ముక్కలు తీసుకుని, డిజైన్‌లో నిండుగా ఉన్న భాగం ఒక దాని మీద, పలచగా ఉన్న భాగం ఇంకో దాని మీద కుట్టించాలి. ముగ్గురి చేత కుట్టించాలి. చెయ్యి తిరిగినామె, మధ్యరకం, కొత్తామె. ముగ్గురి టైమూ రాసుకుని మధ్యది తీసుకోవాలి. చాలామంది అందరికంటే వేగమున్న ఆమె టైము పట్టుకుని రేటు ఒప్పుకుంటారు. అప్పుడు ఆమె ఒక్కతికే గిట్టుబాటవుతుంది, మిగతావాళ్లు రెండో ఆర్డరుకి రారు.

సమన్వయకర్త: ఒక ఉదాహరణ వేసి చూపించండి.

నిర్వాహకురాలు: 30 సెంటీమీటర్ల వెడల్పు, 40 పొడవున్న ప్యానెల్ అనుకోండి. అంటే శాంపిల్ ముక్కలు పన్నెండు పడతాయి. ముక్కకి మూడు గంటలైతే 36 గంటలు. దారం మార్చుకోవడం, కళ్లకి విశ్రాంతి, విప్పి మళ్లీ కుట్టడం, వీటికి నూటికి పదిహేను కలిపితే 41 దాటుతుంది. చేతికుట్టులో రోజుకి ఆరు గంటలకి మించి లెక్కేయకూడదు, ఆ తర్వాత కుట్టు వదులవుతుంది. ఏడు రోజుల పని. లెక్క కోసం రోజుకి 600 అనుకుంటే కూలి 4,200. అదే ప్యానెల్‌కి "పువ్వుకి 40, యాభై పువ్వులు, రెండు వేలు తీసుకో" అంటారు. వినడానికి రెండు వేలు పెద్ద మొత్తమే. రోజుకి పంచితే 300 కూడా రాదు.

డిజైనర్: మీ లెక్కతో నాకు పేచీ లేదు. ఖరీదైన బట్టలు కొనేవాడు ఆ 4,200 చూసి పారిపోడు కూడా. సామాను, మాస్టరు, షెడ్డు అద్దె, రవాణా, చెడిపోయిన పీసులు కలిపితే కూలికి సమానంగా ఇంకో ఖర్చు ఉంటుందని నా అంచనా. అదీ ఇస్తారు. కానీ బట్ట ఎడమ చేతి మీది పువ్వు కంటే కుడి చేతి మీది పువ్వు బిగువుగా ఉంటే మొత్తం వెనక్కి పంపుతారు. ఊరి పని అని జాలిపడి కొనేవాళ్లు ఒక్కసారే కొంటారు. వాళ్లని నమ్ముకుని సంఘం నడపలేం.

నిర్వాహకురాలు: జాలి మేమూ అడగట్లేదండీ.

డిజైనర్: మీ గురించి కాదమ్మా, ఎగ్జిబిషన్లలో వినిపించే మాట గురించి అంటున్నా.

సమన్వయకర్త: ఐదుగురు కుట్టిన పని ఒక్కరు కుట్టినట్టు ఉండాలంటే ఎలా?

మాస్టర్: మనిషికొక పీసు ఇయ్యొద్దు. కుట్టును బట్టి పంచాలె. గొలుసు అంచు గీత ఒకామె అన్ని పీసుల మీద వెయ్యాలె, నింపుడు ఇంకొకామె. డబ్కా ఇంకొకరు. రెండు చేతులు, రెండు ముందు భాగాలు ఎప్పుడైనా ఒక్కరి చేతిలకెల్లే రావాలె. డబ్కా అంటే స్ప్రింగులెక్క సన్నగ చుట్టిన తీగ. దాన్ని కత్తెరతోని చిన్న తుంటలు కోసి, పూసలెక్క సూదికెక్కించి కుడ్తం. తుంట పొడుగైతే విల్లులెక్క పైకి లేస్తది, కొంగు తగిలిందంటే సాగి దారమై పోతది. పొట్టిగైతే సందుల కింది దారం కనబడ్తది. కొలత ఒక్కటే ఉండాలంటే తుంటలు ఒక్కరే కొయ్యాలె. ఆరీ గొలుసుకు ఇంకో రోగముంది. చివర ముడి సరిగ్గ పడకపోతే, ఆ కొస చేతికి చిక్కితే సాలు, వరుస మొత్తం సర్రున ఊడివస్తది. అందుకే మగ్గం దించకముందే గుడ్డ తిప్పి వెనక దిక్కు ఒక్కొక్క కొస చూడాలె.

డిజైనర్: కుట్టుమార్జిన్ కూడా, అంటే ముక్కలు కలిపి కుట్టడానికి అంచున వదిలే జాగా. మేం ముందు గుడ్డ కత్తిరించం. ముక్క ఆకారం దారంతో గుర్తుపెట్టి, మగ్గం మీద కుట్టించి, దించాకే కత్తిరిస్తాం. కుట్టు నిండుగా ఉన్నచోట గుడ్డ కొంచెం లోపలికి గుంజుకుంటుంది, అందుకే దించాక కొలత మళ్లీ చూడాలి. అంచుకి అంగుళం, అంగుళంన్నర దాకా పూసా చమ్కీ రాకూడదు. వస్తే మిషను సూది విరుగుతుంది. విరిగిన ముక్క గుడ్డలో ఉండిపోతే ఎగుమతి సరుకు మొత్తం ఆగిపోతుంది. కాబట్టి సూది విరిగితే ముక్కలన్నీ ఏరి, కాగితానికి టేపుతో అంటించి రిజిస్టరులో పెడతారు. జాయింటు దగ్గర డిజైన్ కలవాల్సిన పూసలు బట్ట కుట్టడం అయ్యాక చేత్తో వేస్తారు. ఈ చివరి పనికి వేరే రేటు రాయించుకోవడం సంఘాలు మర్చిపోతున్నాయి.

సమన్వయకర్త: లంబాడీ కుట్టు సంగతికి వద్దాం. 2023 జూలైలో హంపీలో జీ20 సమావేశాలప్పుడు కర్ణాటకలోని సండూరు లంబాడీ మహిళలు 450 మందికి పైగా కలిసి 1,755 కుట్టు వస్తువులు ప్రదర్శనకి పెట్టారు, గిన్నిస్ రికార్డు వచ్చింది. మన తండాల్లోనూ ఆ చెయ్యి ఉంది కదా?

నిర్వాహకురాలు: ఉంది, పెద్దవాళ్లలో. వేలే, మాకీ, కాన్స్, భురియా, నక్రా, ఒక్కో కుట్టుకీ పేరుంది. చిక్కు ఎక్కడంటే, ఆ కుట్టు ముతక నూలు గుడ్డ కోసం పుట్టింది. డిజైనర్లు దాన్ని తీసుకెళ్లి ఆర్గాంజా లాంటి పలచటి గుడ్డ మీద వేయమంటారు. అద్దాల బరువుకి గుడ్డ వేలాడుతుంది. అలాంటప్పుడు వెనక పలచటి నూలు గుడ్డ అస్తరు వేసి కుట్టాలి, లేదా కుట్టిన పట్టీని విడిగా చేసి అతకాలి. అద్దం కుట్టేటప్పుడు ముందు అడ్డంగా రెండు, నిలువుగా రెండు దారాలు వేసి కదలకుండా బిగించి, వాటిని పట్టుకుంటూ చుట్టూ అల్లుతారు. అద్దం అంచు నూరకపోతే నెల తిరక్కుండానే దారాన్ని కోసేస్తుంది. సంచిలో అద్దాలు రాగానే వేలితో కాదు, దారం గీసి చూడాలి.

ఇంకోటి, రంగు దిగడం. ఎర్ర దారం, తెల్ల గుడ్డ అంటే గుండె దడే. ప్రతి కొత్త లాటు దారాన్నీ తడిపిన తెల్ల గుడ్డ మడతలో పెట్టి, వేడి ఇస్త్రీ పెట్టి నొక్కి చూడాలి. మరక పడిందా, ఆ లాటు షాపుకే వెనక్కి.

సమన్వయకర్త: కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్లు వచ్చాక ఇదంతా ఎంతకాలం?

మాస్టర్: జాకెట్టు చేతి మీద ఒక్క తీరు బార్డరు మిషనుకు ఇడిసిపెట్టుడే మంచిది. దాంతోని పోటీ పెట్టుకుంటే కూలి పడిపోవుడు తప్ప ఇంకేం లేదు. కింద దూది దారం నింపి ఎత్తు లేపే జర్దోసీ, డబ్కా, అద్దం, ఒకే పువ్వుల మూడు నాలుగు రకాల సామాను కలిపే పని మిషనుకు అంత సులువు గాదు. నేర్పితే గదే నేర్పాలె. మూడు నెలల ట్రైనింగుల గొలుసు, చమ్కీ నేర్పి సర్టిఫికెట్ ఇస్తున్నరు. గా రెండూ మిషను చేసేటివే గదా!

డిజైనర్: అది నిజం. మూడు నెలల తర్వాత కనీసం ఆరు నెలలు రోజుకూలి మీద నిజమైన ఆర్డర్లలో కూర్చోబెట్టాలి. పీసు రేటు మీద నేర్చుకునేవాళ్లకి తప్పు విప్పే ధైర్యం ఉండదు, దాని మీదే ఇంకో పువ్వు కుట్టేస్తారు.

సమన్వయకర్త: బ్రాండ్ల బాధ్యత? 2016లో కొన్ని ఐరోపా బ్రాండ్లు, ముంబై ఎగుమతిదారులు కలిసి ఉత్థాన్ అనే ఒప్పందం చేసుకున్నారు, కార్ఖానాల్లో భద్రత, వేతనాల గురించి.

నిర్వాహకురాలు: స్వచ్ఛంద ఒప్పందం అది. అది చూసి ఊళ్లో కూర్చుని ధైర్యపడలేం. మన చేతిలో ఉన్నది ఆర్డరు కాగితం. అందులో నాలుగు మాటలు రాయించుకోవాలి. శాంపిల్‌కి ఆర్డరు వచ్చినా రాకపోయినా కూలి. సామాను కొనుగోలుదారుదే, లేదంటే దాని పూర్తి ధర ముందే. గడువు మధ్యలో డిజైన్ మారిస్తే అప్పటిదాకా చేసిన పనికి లెక్క. సరుకు చేరాక ఇన్ని రోజుల్లో తనిఖీ, ఆ తర్వాత తప్పులు చూపిస్తే కుదరదు.

డిజైనర్: మూడోది బ్రాండు వాళ్లు ఒప్పుకోరు.

నిర్వాహకురాలు: బ్రాండు ఒప్పుకోకపోతే మీరు ఒప్పుకోవాలి. మధ్యలో ఉన్నది మీరే కదా!

డిజైనర్: సగం మేం భరిస్తాం. మిగతా సగం గురించి మాట్లాడుకోవాలి.

సమన్వయకర్త: ఒక ప్రేక్షకురాలు అడుగుతున్నారు, ఆర్డరు లేనప్పుడు చేసి పెట్టిన జరీ పని నల్లబడకుండా ఎలా దాచాలని.

మాస్టర్: గంధకం, తేమ, చెమట, మూడూ శత్రువులే. ఉతికిన తెల్ల మల్లు గుడ్డల చుట్టాలె. వార్తాపత్రికల వద్దు, సిరా అంటుతది. నాఫ్తలిన్ గోలీలు జరీకి తగలొద్దు. సెంటు కొట్టనే కొట్టొద్దు. మడత మీద డబ్కా పని రాకుండ గొట్టానికి చుట్టి పెట్టాలె, కుట్టు బయటి దిక్కు ఉండాలె. రెండు మూడు నెలలకొకపారి తీసి నీడకు ఆరబెట్టుకోవాలె.