టుటన్‌ఖామున్ బాకా

శ్రోతలకు నమస్కారం. మాట్లాడేది రేడియోలో కాబట్టి, రేడియో ముచ్చటతోనే మొదలుపెడతాను.

1939 ఏప్రిల్ 16. కైరో మ్యూజియంలో బీబీసీ మైకు ముందు జేమ్స్ టాపర్న్ అనే బ్రిటిష్ బ్యాండు సైనికుడు బాకా పట్టుకుని నిలబడ్డాడు. ఆ బాకా మూడువేల ఏళ్లకు పైగా ప్రాచీన ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిలో ఉండిపోయింది. 1922లో బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు హోవర్డ్ కార్టర్ ఆ సమాధిని కనిపెట్టాక అందులో రెండు బాకాలు బయటపడ్డాయి, ఒకటి వెండిది, ఒకటి కంచుది. వెండిదాని పొడవు సుమారు 58 సెంటీమీటర్లు. పల్చటి రేకు కదా, సొట్టపడకుండా లోపల సరిగ్గా అదే ఆకారంలో రంగులద్దిన కొయ్య దిమ్మ పెట్టారు. ఆ కంసాలికి వస్తువు మీద ఎంత ప్రేమో చూడండి!

టాపర్న్ ఊదాడు, లోకం వింది. అయితే ఒక చిన్న కిటుకుంది. ఆయన ఊదింది పెదవులు ఆనించే చోట కొత్తకాలపు మూతి తగిలించి. అసలు బాకాకి వేళ్లతో మూసే రంధ్రాలు లేవు, పలికే స్వరాలూ తక్కువే. అది సైన్యానికి సంకేతం ఇచ్చే వస్తువు, పాట కట్టడానికి పనికొచ్చేది కాదు.

పాటంటే హార్ప్, వేళ్లతో మీటే తీగల వాద్యం. ఈజిప్టులోని లక్సర్ దగ్గర నఖ్త్ అనే ప్రాచీన ఉద్యోగి సమాధి గోడ బొమ్మల్లో ఒక గుడ్డి వాద్యకారుడున్నాడు. కాళ్లు మడిచి కూర్చుని, పొట్ట మడతలు పడి, తీగల మీద వేళ్లు ఆనించి. పక్కనే ముగ్గురు ఆడవాళ్లు, ఒకామె జంట పిల్లనగ్రోవి ఊదుతోంది. అంతా కళ్లకు కడుతుంది, చెవికి మాత్రం ఏమీ అందదు. ఫారోల, అంటే ఆ ఈజిప్టు రాజుల, కాలం నుంచి రాసిపెట్టిన స్వరం ఒక్కటీ మనకు దొరకలేదు మరి.

ఇక గుడిలో మోగేది సిస్ట్రమ్. చేతిపిడి, దాని పైన లాడం లాంటి చట్రం, అందులో వదులుగా ఆడే కడ్డీలు. ఆవు చెవులున్న హాథోర్ దేవత ముఖాన్ని పిడి మీదే మలిచేవారు. ఇథియోపియా చర్చిల్లో ఇలాంటిది ఇవాళ్టికీ మోగుతోంది. ఈజిప్టు వాళ్లు దీన్ని ‘సెషెషెత్’ అన్నారు. పపైరస్ జమ్ము గాలికి ఊగితే వచ్చే గలగలే ఆ పేరైందంటారు. వాళ్లు అచ్చులు రాయలేదు, కాబట్టి ఆ ‘ఎ’లన్నీ మనం పెట్టుకున్నవే. ఆ స, ష, ష మాత్రం వాళ్లవి. ఒకసారి మెల్లగా పైకి అని చూడండి.