దవడలో గట్టి వాపు: క్యాన్సర్ కాదని తేలితే సరిపోతుందా?

[తెర మీద: ఓపీజీ ఎక్స్‌రే. కింది దవడ వెనక భాగం దగ్గరగా]

ఓపీజీ అనే ఈ దవడ ఎక్స్‌రే చూడండి. జ్ఞానదంతం దగ్గర ఎముకలో సబ్బు నురగలా నల్లటి గూళ్లు కనిపిస్తున్నాయి కదా. చూడగానే చాలామంది డాక్టర్లకు తట్టే పేరు అమెలోబ్లాస్టోమా. ఇది దవడలో పుట్టే ఒక గడ్డ. క్యాన్సర్ కాదు, అయినా వదిలేయడానికి వీల్లేదు. నొప్పి లేకుండా మెల్లగా ఎముకను తినేస్తూ పెరుగుతుంది. పైపైన గీకేస్తే మళ్లీ వస్తుంది.

మన దగ్గర మామూలుగా ఏం జరుగుతుంది? బుగ్గ కాస్త ఉబ్బుతుంది. పిప్పి పన్ను అనుకుని యాంటీబయాటిక్ వాడతారు, తగ్గకపోతే పన్ను పీకించేస్తారు. ఎక్స్‌రే ఊసే ఉండదు. నాకు అభ్యంతరం అక్కడే.

[తెర మీద: ఓపీజీ మెషీన్ తల చుట్టూ తిరుగుతూ]

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో స్కాన్ సెంటర్లకు కొదవా? ఓపీజీ తీయడానికి నిమిషం కూడా పట్టదు. రెండు దవడలూ, అన్ని పళ్లూ ఒకే ఫిల్ములో వస్తాయి. పదమూడేళ్ల పిల్లాడికి ఒక పన్ను రాకుండా ఆగిపోయిందనుకోండి, దానికి అడ్డంగా ఓడోంటోమా అనే చిన్న గడ్డ ఉండొచ్చు. అది ఎక్కువగా ఇలా వేరే పని మీద తీసిన ఎక్స్‌రేలోనే బయటపడుతుంది.

డాక్టరు ముందు చూసేది గడ్డ అంచుని. ఆసిఫైయింగ్ ఫైబ్రోమా అనే ఎముక గడ్డకి హద్దు గీసినట్టు ఉంటుంది. మామూలు ఎముక స్థానంలో నారలాంటి కణజాలం పెరిగే ఫైబ్రస్ డిస్‌ప్లేసియా అలా కాదు, చుట్టూ ఉన్న ఎముకలో కలిసిపోతుంది. ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో చెప్పలేం. చిత్రమేంటంటే, ముక్క తీసి మైక్రోస్కోపులో చూస్తే ఈ రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. వైద్యం మాత్రం వేరు: మొదటిదాన్ని పూర్తిగా తీసేస్తారు, రెండోదాన్ని చాలాసార్లు గమనిస్తూ ఉంటారు, ముఖం వంకర పోతే చెక్కి సరిచేస్తారు. అందుకే బయాప్సీకి పంపేటప్పుడు ముక్కతో పాటు ఎక్స్‌రే కూడా పంపాలి. స్లైడ్ ఒక్కటే చూసి పేరు పెట్టమంటే పాథాలజిస్టును ఇరకాటంలో పెట్టినట్టే.

"కత్తి పెడితే పాకుతుందంట కదా డాక్టరు గారూ?" అని అడగని వాళ్లుండరు. ముక్క తీసినంత మాత్రాన మామూలు గడ్డ క్యాన్సర్‌గా మారదు. ఆ టెన్షన్ వద్దు. కత్తి పెట్టే ముందు నల్లటి గూట్లోకి సూది దించి లాగి చూడటం మాత్రం మంచి పద్ధతి. పసుపు నీరు వస్తే తిత్తి కావొచ్చు. ఎర్రటి రక్తం పొంగి వస్తే అక్కడ రక్తనాళాల గడ్డ ఉండొచ్చు. అలాంటి చోట తెలియక పన్ను పీకితే రక్తం ఆగక ప్రాణం మీదికి వస్తుంది.

[తెర మీద: కింది ముందు పళ్ల ఎక్స్‌రే, వేర్ల చివర మచ్చలు]

ముక్క అసలు తీయకూడని చోట్లు కూడా ఉన్నాయి. నడివయసు ఆడవాళ్లలో కింది ముందు పళ్ల వేర్ల దగ్గర ఇలాంటి మచ్చలు కనిపిస్తాయి. చీము అనుకుని రూట్ కెనాల్ చేసేస్తుంటారు. చల్లటిది తగిలించి చూస్తే పన్ను జివ్వుమంటుంది, అంటే నరం బతికే ఉంది. అది సిమెంటో ఆసియస్ డిస్‌ప్లేసియా (చీము కాదు, వేర్ల దగ్గర ఎముకలో వచ్చే మార్పు) అయితే ఎక్స్‌రేలతో కనిపెట్టుకుని ఉంటే చాలు.

ముక్క పరీక్షలో జెయింట్ సెల్ (పెద్ద కణాల) గడ్డ అని రిపోర్టు వస్తే రక్తంలో కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్ కూడా చూపించండి. మెడలో ఉండే ఆ పారాథైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినా దవడలో ఇలాంటి గడ్డే వస్తుంది. దవడ ఎముకల మీద ఆస్టియోమాలు (గట్టి ఎముక బుడిపెలు) ఒకటికి మించి ఉంటే పెద్దపేగులో పాలిప్స్ (లోపలి పొర మీద పెరిగే పిలకలు) ఉన్నాయేమో కూడా చూడాలి.

ఎక్కడికి వెళ్లాలంటారా? విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, గుంటూరు వైపు వాళ్లకు తక్కెళ్లపాడులో డెంటల్ కాలేజీ ఉంది. ఎక్స్‌రే చదివేవాళ్లు, ముక్క చూసేవాళ్లు, ఆపరేషన్ చేసేవాళ్లు ఒకే ప్రాంగణంలో దొరుకుతారు. పాత ఫిల్ములన్నీ వెంట తీసుకెళ్లండి. అమెలోబ్లాస్టోమా ఆపరేషన్ అయినవాళ్లు నొప్పి లేదు కదా అని రివ్యూ మానొద్దు, పదేళ్ల తర్వాత తిరిగొచ్చిన కేసులూ ఉన్నాయి.