పక్కవాద్యం వైపు చెవి

అందరికీ నమస్కారం. జాజ్ గురించి మాట్లాడాలని పిలిచినప్పుడే చెప్పేశాను, నాకు ఏ వాయిద్యమూ రాదు, నొటేషన్ చదవడం కూడా రాదు. ముప్ఫై ఏళ్ళుగా వింటున్నాను, అంతే నా అర్హత. కాబట్టి నేను చెప్పే పేర్లూ తేదీలూ నమ్మండి, అభిప్రాయాల మీద మాత్రం నిక్షేపంగా పోట్లాడండి.

ఒక చెడిపోయిన ఇయర్‌ఫోన్‌తో మొదలుపెడతాను.

కొత్తలో నేను సోలోల కోసమే, అంటే ఒక్కరు ముందుకొచ్చి వాయించే భాగాల కోసమే వినేవాణ్ణి. ట్రంపెట్ ఎప్పుడొస్తుందా, సాక్సోఫోన్ ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చునేవాణ్ణి. బేస్, అంటే మనిషంత ఎత్తున్న వయొలిన్‌లాంటి మంద్రస్వరాల వాయిద్యం, సోలో మొదలైతే లేచెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చేవాణ్ణి. నవ్వుతున్నారు గానీ, మీలో ఎంతమంది ఇప్పటికీ ఆ పని చేస్తారో నాకు తెలుసు. అలాంటి రోజుల్లో పియానిస్ట్ బిల్ ఎవాన్స్ ట్రయో (ముగ్గురి బృందం) రికార్డు 'వాల్ట్జ్ ఫర్ డెబీ' వింటుంటే ఇయర్‌ఫోన్‌లో ఒక వైపు చచ్చిపోయింది. అప్పటి స్టీరియో పద్ధతి తెలుసు కదా, ఒక్కో వాయిద్యాన్ని ఒక్కో పక్కకి నెట్టేసేవాళ్ళు. పియానో పక్కగదిలో మోగుతున్నట్టయిపోయింది. బేస్ మాత్రం నా చెవి దగ్గరే కూర్చుని మాట్లాడుతోంది. కొత్తది కొనడానికి బద్ధకించి ఓ పది రోజులు అలాగే విన్నాను. రెండు చెవులూ పనిచేసినన్నాళ్ళూ సగం పాటే విన్నాను, ఒకటి పోయాక మిగతా సగం దొరికింది.

ఆ బేస్ వాయించింది స్కాట్ లఫారో. 1961 జూన్ 25, ఆదివారం. న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అని నేల కింద ఉండే చిన్న క్లబ్. మధ్యాహ్నం మొదలుపెట్టి రాత్రి దాకా ఐదు విడతలు వాయించారు. ఎవాన్స్ పియానో, లఫారో బేస్, పాల్ మోషన్ డ్రమ్స్. మొదటి పాట 'గ్లోరియాస్ స్టెప్' నడుస్తుండగా కరెంటు పోయి రికార్డింగ్ మధ్యలో తెగింది. ఆ పాట కట్టింది లఫారోయే. రికార్డులో గ్లాసుల చప్పుడు వినిపిస్తుంది, ఎవరో నవ్వుతారు, ఎవరో ఏదో చెప్పుకుంటూ ఉంటారు. ఆ టేబుళ్ళ దగ్గర కూర్చున్నవాళ్ళని తిట్టుకునే అభిమానులున్నారు. నాకు కోపం రాదు. అక్కడ ఉంటే నేనూ మంచినీళ్ళకి లేచేవాణ్ణేమో.

అప్పటిదాకా బేస్ పని నడక. నాలుగు బీట్లకి నాలుగు స్వరాలు, కింద తివాచీ పరిచినట్టు. లఫారోకి ఆ పని వచ్చు, కానీ దాంతో ఊరుకోడు. ఎవాన్స్ ఒక మాట అంటే జవాబు చెబుతాడు, ఒక్కోసారి ఆ మాట పూర్తవకుండానే అందుకుంటాడు. టైటిల్ పాట మొదట్లో గమనించండి. డ్రమ్స్ ఉండవు. మూడు బీట్ల నడకలో పియానో తీరిగ్గా పాట చెబుతుంటే బేస్ పక్కనే ఉంటుంది, కింద కాదు. తర్వాత మోషన్ కలుస్తాడు, నడక నాలుగు బీట్లకి మారుతుంది. ఆ మలుపు కోసం నేను ఆ రికార్డు ఎన్నిసార్లు వెనక్కి తిప్పానో లెక్కలేదు.

ఆ ఆదివారం తర్వాత 11 రోజులకి, జూలై 6న, లఫారో కారు ప్రమాదంలో పోయాడు. వయసు 25. ఎవాన్స్ కొన్ని నెలల పాటు జనం ముందుకి రాలేదు. తర్వాత చాలామంది బేస్ వాద్యకారులు వచ్చారు, ఎడ్డీ గోమెజ్ అయితే పదకొండేళ్ళు ఉన్నాడు. గోమెజ్ అభిమానులు మన్నించాలి, అతని చేతిలో ఉన్నది అపారమైన విద్య. కానీ లఫారోతో కుదిరిన కబుర్లు నాకు మళ్ళీ వినబడలేదు.

ఇలా చెవి పక్కకి తిరిగాక పాత రికార్డులన్నీ మళ్ళీ మొదటినుంచి వినాల్సి వచ్చింది. ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ రికార్డు 'కైండ్ ఆఫ్ బ్లూ' తీసుకోండి. 1959లో మార్చి 2న, ఏప్రిల్ 22న రెండు రోజుల్లో రికార్డు చేశారు. జాజ్ అసలు వినని ఇంట్లో కూడా ఉండే జాజ్ రికార్డు అది. అందులో మొదటి పాట 'సో వాట్'లో పాట చెప్పేది ట్రంపెట్ కాదు, పాల్ చేంబర్స్ బేస్. మైల్స్, సాక్సోఫోన్లు వాయించే జాన్ కోల్‌ట్రేన్, కానన్‌బాల్ ఆడర్లీ అంతటివాళ్ళు రెండే రెండు స్వరాలతో 'ఊఁ' కొడుతుంటారు. పక్కవాద్యం ముందుకొచ్చి, ముందుండే వాళ్ళు వెనక్కి వెళ్ళారన్నమాట. తర్వాత మైల్స్ సోలో మొదలయ్యే క్షణంలో డ్రమ్మర్ జిమ్మీ కాబ్ సింబల్ అనే ఇత్తడి పళ్ళెం మీద ఒక్క దెబ్బ వేస్తాడు. అప్పటిదాకా నడిచిన మెత్తదనానికి ఆ దెబ్బ కొంచెం ఎక్కువే. కానీ దాని మోత మెల్లమెల్లగా పల్చబడుతుంటే ఆ మోతలోంచి ట్రంపెట్ నడుచుకుంటూ వస్తుంది. మైల్స్ మొదటి స్వరం అంత అందంగా ఉండడానికి సగం కారణం ఆ దెబ్బే అంటాను నేను. ఆ రికార్డులో వాయించిన ఏడుగురిలో చివరిదాకా మిగిలింది కాబే. 2020లో, 91 ఏళ్ళ వయసులో పోయాడు.

ఏడుగురు అన్నాను కదా, ఆ ఏడోవాడు వింటన్ కెల్లీ. అప్పటికి మైల్స్ బృందంలో అసలు పియానిస్ట్ అతనే. స్టూడియోకి వచ్చి చూస్తే పియానో దగ్గర బిల్ ఎవాన్స్ ఉన్నాడు. ఎవాన్స్ అంతకుముందే బృందం వదిలి వెళ్ళిపోయినవాడు. కెల్లీకి 'ఫ్రెడ్డీ ఫ్రీలోడర్' అనే ఒక్క పాట దక్కింది. ఎంతమంది ఆ రికార్డుని ఎవాన్స్ కోసం పొగిడినా, ఆ మొత్తంలో కాలు ఊరికే ఆడించేది కెల్లీ వాయించిన ఆ ఒక్క పాటలోనే. అన్నట్టు, టేపు మెషీన్ వేగం తేడా వల్ల ఆ రికార్డు మొదటి వైపు పాటలన్నీ శ్రుతి కాస్త పెరిగి వినిపించేవి. 1990లలో గానీ సరిచేయలేదు. ముప్ఫై ఏళ్ళకి పైగా లోకమంతా తప్పు శ్రుతిలో విని మురిసిపోయింది, నాతో సహా.

అదే ఏడాది మే 5న కోల్‌ట్రేన్ 'జయంట్ స్టెప్స్' రికార్డు చేశాడు. నిమిషానికి దాదాపు 290 బీట్ల పరుగు, చాలా చోట్ల రెండు బీట్లకోసారి కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) మారిపోతుంది. కోల్‌ట్రేన్ దాన్ని అప్పటికే నలగ్గొట్టి ఉన్నాడు. పియానో దగ్గర టామీ ఫ్లానగన్ పరిస్థితి అది కాదు. అతని సోలో వినండి. మొదట నాలుగు మాటలు ధైర్యంగా అంటాడు, తర్వాత తడబడతాడు, చివరికి వాక్యాలు వదిలేసి ఉత్త కార్డ్స్ పట్టుకుని ఒడ్డుకి చేరతాడు. దీన్ని వెక్కిరించే వీడియోలు బోలెడు. నాకు ఆ వెక్కిరింత నచ్చదు. అంతకు కొన్ని వారాల ముందు ఇదే పాట ప్రయత్నించినప్పుడు సీడర్ వాల్టన్ లాంటి మొనగాడు పియానిస్ట్ సోలోయే తీసుకోలేదు. ఫ్లానగన్ దిగాడు, మునిగాడు, తేలాడు, అదంతా రికార్డులో ఉంది. 1982లో తన ట్రయోతో అదే పాట హాయిగా వాయించి చూపించాడు కూడా. ఆ రెండూ వెంటవెంటనే వినండి, ఇరవై మూడేళ్ళ తర్వాత ఇచ్చిన జవాబులా ఉంటుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన తగాదా. 1954 డిసెంబర్ 24, క్రిస్మస్ ముందు రోజు. న్యూజెర్సీలో హాకెన్‌సాక్ అనే ఊళ్ళో రూడీ వాన్ గెల్డర్ అనే కళ్ళద్దాల డాక్టరు తన తల్లిదండ్రుల ఇంటి ముందుగదిని స్టూడియో చేసి పెట్టుకున్నాడు. 1950లలో వచ్చిన గొప్ప రికార్డుల్లో చాలా భాగం ఆ గదిలోంచి వచ్చినవే. ఆ రోజు మైల్స్ ట్రంపెట్, మిల్ట్ జాక్సన్ వైబ్రాఫోన్ (కర్రలతో కొట్టి వాయించే లోహపు పలకలు), పెర్సీ హీత్ బేస్, కెన్నీ క్లార్క్ డ్రమ్స్, పియానో థెలోనియస్ మంక్. మైల్స్ మంక్‌కి ఒక మాట చెప్పాడు: నేను సోలో వాయిస్తున్నప్పుడు నువ్వు వెనకాల పియానో ముట్టుకోవద్దు. మంక్ స్థాయి మనిషికి ఆ మాట ఎలా తగిలి ఉంటుందో ఊహించుకోండి.

'ద మ్యాన్ ఐ లవ్' మొదటి టేక్‌లో, అంటే మొదటిసారి రికార్డు చేసినదాంట్లో, ఆ టెన్షన్ నేరుగా వినిపిస్తుంది. పాట మొదలవుతుండగానే మంక్ గొంతు, నేనెప్పుడు రావాలి అని. మిగతావాళ్ళు విసుక్కుంటారు. మైల్స్ వాన్ గెల్డర్‌తో అంటాడు, రూడీ, ఇదంతా రికార్డులో పెట్టెయ్ అని. పెట్టేశారు!

రెండో టేక్ అసలైనది. మంక్ సోలో వస్తుంది. డ్రమ్స్, బేస్ పరుగెడుతున్నాయి, మంక్ మాత్రం పాట వరసని సాగదీసి, ఒక్కో స్వరాన్ని చాలా దూరం దూరంగా పెడుతున్నాడు. అలా పెడుతూ పెడుతూ ఆగిపోతాడు. ఆగిపోవడమంటే నిజంగా ఆగిపోవడం. బేస్, డ్రమ్స్ ఖాళీగా నడుస్తూనే ఉంటాయి. ఒక బారు (నాలుగు బీట్ల ముక్క), ఇంకో బారు, ఇంకోటి. దారి తప్పాడా, అలిగాడా, ఆలోచిస్తున్నాడా, ఎవరికి తోచింది వాళ్ళు చెబుతారు. అప్పుడు దూరం నుంచి మైల్స్ ట్రంపెట్‌తో చిన్న పిలుపు వేస్తాడు, ఏమయ్యా ఉన్నావా అన్నట్టు. ఆ మరుక్షణం మంక్ గబుక్కున లేచి ఊపుగా అందుకుంటాడు. తలుపు తోసుకుని వచ్చినట్టుంటుంది. వాయించకపోవడం కూడా పక్కవాద్యంలో భాగమేనని నాకు ఈ పాట చెప్పింది. ఈ రికార్డుని ఫోన్‌లో వింటే ఆ ఖాళీ నెట్‌వర్క్ పోయినట్టు అనిపిస్తుంది. కాస్త మంచి స్పీకర్ల మీద వినండి.

మంక్ తర్వాత వేరే వాళ్ళకి ఇదే పాఠం చెప్పాడు. 1957లో న్యూయార్క్ ఫైవ్ స్పాట్ క్లబ్‌లో కోల్‌ట్రేన్ అతని దగ్గర వాయించాడు. మధ్యలో మంక్ పియానో వదిలేసి లేచి నాట్యం చేసేవాడు, కోల్‌ట్రేన్ బేస్, డ్రమ్స్ మీదే నెట్టుకురావాలి. ఆ ఏడాది నవంబర్ 29న వాళ్ళిద్దరూ కార్నెగీ హాల్లో వాయించిన టేపు ఎవరికీ తెలియకుండా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో పడి ఉంది. 2005లో బయటపడింది. చిన్న కచేరీయే గానీ, కోల్‌ట్రేన్ వెనకాల మంక్ ఏం చేస్తున్నాడో వినడానికి అంతకంటే మంచి రికార్డు లేదు.

గాయకుల పక్కన వాయించడం వేరే విద్య. ఇక్కడ నాకు ఒకే జంట, గాయని బిల్లీ హాలిడే, సాక్సోఫోన్ వాయించే లెస్టర్ యంగ్. ఆమెకి లేడీ డే అని పేరు పెట్టింది అతను. అతన్ని అధ్యక్షుడి లెక్కన ప్రెజ్ అన్నది ఆమె. 1937లో చేసిన 'ఎ సెయిల్‌బోట్ ఇన్ ద మూన్‌లైట్' పాటగా చూస్తే చాలా సాదాసీదాది. అందులో బిల్లీ పాడుతుంటే లెస్టర్ టెనర్ సాక్సోఫోన్ పక్కనే సన్నగా నడుస్తుంది. ఆమె ఊపిరి తీసుకునే సందుల్లోకి వస్తాడు, ఆమె మాట మొదలుపెట్టగానే తప్పుకుంటాడు. ఎక్కడా గీసుకోరు.

ఇరవై ఏళ్ళ తర్వాత, 1957 డిసెంబర్ 8న, సీబీఎస్ టీవీలో 'ద సౌండ్ ఆఫ్ జాజ్' అని ఒక లైవ్ కార్యక్రమం వచ్చింది. వీడియో దొరుకుతుంది. అప్పటికి ఇద్దరి ఆరోగ్యాలూ చెడిపోయాయి. 'ఫైన్ అండ్ మెలో' బ్లూస్‌లో బెన్ వెబ్‌స్టర్ తర్వాత లెస్టర్ వంతు. ఒక్క చుట్టు, అంటే పాట వరస ఒక్కసారి, పన్నెండు బార్లు. ఆ గదిలో ఉన్న సాక్సోఫోన్లన్నిట్లోకీ తక్కువ స్వరాలు అతనివే. కెమెరా బిల్లీ మొహం మీదికి వెళుతుంది. ఆమె తల ఊపుతూ చిన్నగా నవ్వుతూ వింటోంది, ప్రతి స్వరానికీ ఔనౌను అంటున్నట్టు. 1959 మార్చి 15న అతను పోయాడు, జూలై 17న ఆమె.

అందుకే 1958 నాటి బిల్లీ రికార్డు 'లేడీ ఇన్ శాటిన్' నాకు ఎక్కదు. ఆమె గొంతు పాడైపోయిందని కాదు, ఆ గొంతులోని పగుళ్ళు నాకు ఇష్టమే. చుట్టూ అంత పెద్ద వయొలిన్ల దండు ఉంది, అందరి ముందూ రాసిన కాగితాలు. ఆమె ఎక్కడ ఆగినా ఎక్కడ వణికినా వాళ్ళ కాగితంలో మార్పుండదు. కోట్లమందికి ప్రాణమైన రికార్డని తెలుసు. నేను రెండుసార్లు విన్నాను, మూడోసారి సగంలో ఆపేశాను.

న్యూపోర్ట్ జాజ్ ఉత్సవం, 1956 గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెబుతాను. జూలై 7న డ్యూక్ ఎలింగ్టన్ బృందంలో పాల్ గోన్‌సాల్వెస్ 27 చుట్లు ఏకధాటిగా వాయించి జనాన్ని కుర్చీల మీంచి లేపేశాడు. వేదిక పక్కన జో జోన్స్ అనే డ్రమ్మర్, ఆ బృందంలో మనిషి కూడా కాదు, చుట్టిన న్యూస్‌పేపర్‌తో తాళం కొడుతూ ఉసిగొల్పాడు. గోన్‌సాల్వెస్ వేరే మైకులోకి వాయించడంతో పాత రికార్డులో అతని సాక్సోఫోన్ లీలగా వినిపించేది. 1999లో ఆ వేరే మైకు టేపు కూడా కలిపి సరిచేశారు. నాకైతే ఇప్పటికీ ఆ పేపర్ దెబ్బ వినాలని ఉంటుంది.

ఆ జో జోన్స్ పియానిస్ట్ కౌంట్ బేసీ బృందంలో ఒకప్పటి డ్రమ్మర్. అతని పక్కన కూర్చున్నవాడితో ఆపేస్తాను. పేరు ఫ్రెడ్డీ గ్రీన్, గిటార్. 1937లో బేసీ దగ్గర చేరాడు, మధ్యలో చిన్న విరామం తప్ప 1987లో పోయేదాకా ఆ బృందంలోనే. బేసీ 1984లో పోయాడు, గ్రీన్ ఆ తర్వాత కూడా ఉన్నాడు. అంతకాలంలో సోలో అన్నది వాయించింది లేనట్టే. గిటార్‌కి యాంప్లిఫయర్ లేదు. పది పన్నెండు మంది ట్రంపెట్లూ సాక్సోఫోన్లూ ఊదుతుంటే, ఉత్త చెక్క గిటార్ మీద బీటుకో దెబ్బ, నాలుగు బీట్లకి నాలుగు దెబ్బలు, యాభై ఏళ్ళు.

'లెస్టర్ లీప్స్ ఇన్' పెడుతున్నాను. 1939 సెప్టెంబర్ 5, మూడు నిమిషాల చిల్లర. బేసీ, లెస్టర్, గ్రీన్, వాల్టర్ పేజ్ బేస్, జో జోన్స్, ఇంకో ఇద్దరు. లెస్టర్ రెండో చుట్టులో వెనకవాళ్ళు ఆగి ఆగి వాయిస్తారు, అతను ఒంటరిగా గాలిలో ఉంటాడు. వాళ్ళు మళ్ళీ మామూలుగా అందుకున్నాక సాక్సోఫోన్‌ని కాసేపు వదిలేసి గిటార్ కోసం వెతకండి. మొదటిసారి దొరకదు. అందుకే రెండుసార్లు వేస్తాను. మంచినీళ్ళకి వెళ్ళేవాళ్ళు ఇప్పుడే వెళ్ళిరండి.