చుక్క పోయిన థ

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ఈ ఎండల్లో వారం రోజుల బడిని భుజానికెత్తుకున్న నిర్వాహకులకు, మూడు రోజులుగా పొద్దున్నుంచి రాత్రి దాకా ల్యాబులోనే ఉంటున్న పరిశోధక విద్యార్థులకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన సమయంలో పావు వంతు అక్కడే అయిపోతుంది. మన్నించాలి.

పగటి పాఠాలన్నీ ఇంగ్లీషులో నడుస్తున్నాయి, ఈ ఒక్క సాయంత్రం తెలుగువాళ్లం కూర్చుని తెలుగులో మాట్లాడుకుందాం అన్నారు. సంతోషంగా ఒప్పుకున్నాను. నాకిచ్చిన అంశం జెనరేటివ్ మోడళ్ల చరిత్ర, అంటే చూసినవాటిలాంటి కొత్త బొమ్మల్నీ మాటల్నీ తయారుచేసే కంప్యూటర్ ప్రోగ్రాముల చరిత్ర. చరిత్ర చెబుతాను. కానీ దారిలో ఒకచోట ఆగాలి. నిజానికి ఆ చోటు గురించి చెప్పడానికే వచ్చాను.

ముందు ఒక తరగతి గది. 1944, కలకత్తా విశ్వవిద్యాలయం. పాఠం చెబుతున్నాయనకు ఇంకా పాతికేళ్లు నిండలేదు. పేరు కల్యంపూడి రాధాకృష్ణారావు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి వెళ్లినవాడు. ఆ రోజు సంఖ్యాశాస్త్రవేత్త ఫిషర్ సిద్ధాంతం చెబుతున్నారు. నమూనా పెద్దదైనప్పుడు అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే ఫలితం అది. దండేకర్ అనే విద్యార్థి లేచి, ‘నమూనా చిన్నదైతే కూడా ఇలాంటిది ఏమైనా ఉందా సార్?’ అని అడిగాడు. రావుగారి దగ్గర జవాబు లేదు. ఇంటికి వెళ్లి రాత్రంతా కూర్చున్నారు. మర్నాటికి నిరూపణ చేతికొచ్చింది. 1945లో అచ్చయిన ఆ వ్యాసంలోనే అంచనా కచ్చితత్వానికి హద్దు చెప్పే క్రామర్–రావు అవధి ఉంది, అంచనాను మెరుగుపరిచే రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం ఉంది, సంభావ్యతా విభాజనాల మధ్య దూరాన్ని జ్యామితిగా కొలిచే ఆలోచన ఉంది. రావుగారు 2023లో, 102 ఏళ్ల వయసులో వెళ్లిపోయారు.

ఇది ఎందుకు చెప్పానంటే, మూడు రోజులుగా మీరు ‘స్కోరు, స్కోరు’ అని వింటున్నారు కదా, ఆ మాట ఆ ఇంటిదే. సంభావ్యత లాగరిథమ్‌కి ఏ వైపు ఎంత వాలు ఉందో చెప్పేది స్కోరు. ఫిషర్, రావు ఆ వాలును పరామితి వైపు, అంటే తాము అంచనా కట్టే సంఖ్య వైపు కొలిచారు. బొమ్మలు గీసే డిఫ్యూజన్ మోడల్‌లో, దాని సంగతి కాసేపట్లో చెబుతాను, మనం బొమ్మ వైపు కొలుస్తాం. నిన్న పాఠంలో ఈ రెండూ ఒకటే అనుకుని ఇద్దరు ముగ్గురు తికమక పడ్డారని విన్నాను. ఒకటే పేరు, ఒకటే లాగరిథమ్. దేనికి ఎదురుగా అవకలనం చేస్తున్నామన్నదే తేడా. చీటీ మీద రాసి పెట్టుకోండి.

ఇక చరిత్ర. 2013 డిసెంబరులో కింగ్మా, వెల్లింగ్ వేరియేషనల్ ఆటోఎన్‌కోడర్. బొమ్మని కొన్ని అంకెల్లోకి కుదించి, వాటి నుంచి మళ్లీ గీస్తుంది. 2014లో గుడ్‌ఫెలో బృందం గ్యాన్. అందులో రెండు నెట్‌వర్కులు పోటీపడతాయి. ఒకటి బొమ్మ గీస్తుంది, ఇంకొకటి అది దొంగ బొమ్మా కాదా అని పట్టుకోవాలని చూస్తుంది. 2015లో సోల్-డిక్‌స్టీన్ బృందం డిఫ్యూజన్‌ని ప్రతిపాదించింది. బొమ్మ మీద కొంచెం కొంచెంగా ఇసుక చల్లుతూ చివరికి ఇసుక తప్ప ఏమీ కనపడకుండా చేసి, ఒక్కో విడత ఇసుకను వెనక్కి తీయడం నేర్పాలి. ఐదేళ్ల పాటు దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2019లో సాంగ్, ఎర్మాన్ స్కోరు దారిన అక్కడికే వచ్చారు. 2020లో హో, జైన్, అబ్బీల్ వెయ్యి మెట్లలో ఇసుక తీసి చూపించాక అందరూ అటు తిరిగారు. మిగతా వివరాలు మీకు పగలు చెబుతున్నవాళ్లు నాకంటే బాగా చెబుతారు. నేను ఇక్కడ ఆగుతాను.

మా నాన్న తెనాలిలో ఒక అచ్చాపీసులో కంపోజిటర్, అంటే సీసపు అక్షరాలు పేర్చే మనిషి. ముప్పై ఏళ్లకు పైగా నిలబడి పనిచేశారు. ఇంగ్లీషు కంపోజ్ చేసేవాడికి ఎదురుగా రెండు కేసులుంటే చాలు, కేసంటే అక్షరాల గడులున్న పెట్టె. తెలుగుకి గుణింతాలు, ఒత్తులు అన్నీ విడి అచ్చులు కాబట్టి మనిషి చుట్టూ కేసులు పెట్టాలి. ఆయన చెయ్యి చూడకుండానే గడిలోకి వెళ్లేది. సీసపు అక్షరాలు తిరగేసి ఉంటాయి, వరసగా పేర్చుకునే స్టిక్కులో వాటిని తిరగేసే చదివేవారు. అరిగిపోయిన అచ్చు దొరికితే కేసులోకి మళ్లీ వెయ్యకుండా పక్కన ఒక రేకు డబ్బాలో పడేసేవారు. ఆ డబ్బా నిండితే కరిగించడానికి పంపేవాళ్లు. చిన్నప్పుడు నేను ఆ డబ్బాలోంచి అక్షరాలు ఏరుకుని ఆడుకునేదాన్ని. ఏది ఎందుకు పడేశారో అడిగితే వెలుగుకి పట్టుకుని చూపించేవారు. ‘ఇదిగో, దీనికి చుక్క పోయింది. ఇక ఇది థ కాదు.’

ఇది మనసులో పెట్టుకోండి.

2018లో నేనూ నా విద్యార్థీ పాత తెలుగు పుస్తకాల స్కాన్‌ల నుంచి విడి అక్షరాలు కత్తిరించి ఒక డేటాసెట్ తయారుచేశాం. ఒక్కో అక్షరం 64 బై 64 పిక్సెళ్లు. ఏ అక్షరం అడిగితే ఆ అక్షరం గీసే గ్యాన్ ఒకటి శిక్షణ ఇచ్చాం. పాత కాగితం కదా, స్కాన్ నిండా దుమ్ము మచ్చలు. వాటిని తీసెయ్యడానికి పది వరుసల స్క్రిప్టు రాశాం. 12 పిక్సెళ్ల కంటే చిన్నగా, దేనికీ అంటుకోకుండా విడిగా ఉన్న నల్ల మచ్చ కనపడితే చెరిపెయ్యి. అంతే. బొమ్మలు కడిగిన ముత్యాల్లా వచ్చాయి. ఎంత సంబరపడ్డామో.

ఫలితాలు చాలా బాగున్నాయి. ఎఫ్‌ఐడీ అంటే గీసిన బొమ్మలు అసలు బొమ్మలకి ఎంత దూరంలో ఉన్నాయో చెప్పే అంకె, ఎంత తగ్గితే అంత మంచిది. అది అంతకుముందు పద్ధతుల కంటే బాగా తగ్గింది. ఒక సదస్సుకి వ్యాసం పంపాం. ముగ్గురు సమీక్షకులు చదివారు. ఒకరు పోల్చి చూపడానికి ఇంకో బేస్‌లైన్ అడిగారు, ఒకరు పట్టికలో దశాంశ స్థానాలు సరిచెయ్యమన్నారు. వ్యాసం అంగీకరించారు, అచ్చయింది, డేటాసెట్ అందరికీ విడుదల చేశాం.

ఆ దసరాకి ఇంటికి వెళ్లినప్పుడు నాన్నకి చూపిద్దామని ఒక కాగితం ప్రింటు తీసుకెళ్లాను. వర్ణమాల వరసలో మోడల్ గీసిన అక్షరాలు. ఆయనకి అప్పటికే ఒక కంట్లో శుక్లం. కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వేలు పెట్టి పైకి చదవడం మొదలుపెట్టారు. క వర్గు, చ వర్గు చదివారు. తర్వాత ‘ట, ర, డ, ఢ, ణ’ అన్నారు. నేను నవ్వాను, పొరపాటున చదివారనుకున్నాను. ఆయన నవ్వలేదు. కింది వరస చదివారు. ‘త, ధ, ద, ధ, న.’ వేలు వెనక్కి తెచ్చి రెండో అక్షరం మీద పెట్టి అడిగారు: ‘ఇదేంటమ్మా, మీ కేసులో చుక్కలన్నీ అరిగిపోయాయా?’

ఠ లో చుక్క లేదు. చుక్క లేని ఠ అంటే ర. థ లో చుక్క లేదు. చుక్క లేని థ అంటే ధ. పాఠం పారం అయింది, కథ కధ అయింది. ఏడాదిన్నర ఆ బొమ్మలతోనే బతికిన నాకు కనపడలేదు. నేను చదవలేదు, చూశానంతే. అక్షరాల్లా ఉన్నాయి, అందంగా ఉన్నాయి, అని చూశాను. ఆయన చదివారు.

తిరిగొచ్చి మోడల్‌ని తిట్టుకుంటూ వెతికాం. మోడల్ తప్పేమీ లేదు. దానికి మేమిచ్చిన బొమ్మల్లోనే చుక్క లేదు. ఆ చుక్క మూడు బై మూడు, తొమ్మిది పిక్సెళ్లు. మా స్క్రిప్టు లెక్కలో అది దుమ్ము. తలకట్టు పెద్దది కాబట్టి ప కి, స కి విడిగా ఉన్నా బతికిపోయింది, సున్నా బతికిపోయింది. చుక్కలు మాత్రం ప్రతి బొమ్మలోనూ శ్రద్ధగా చెరిపేశాం. మోడల్‌ని పరీక్షించడానికి పక్కన పెట్టిన బొమ్మల్ని, అదే టెస్టు సెట్‌ని, కూడా అదే స్క్రిప్టుతో కడిగాం! అసలు బొమ్మలోనూ చుక్క లేదు, గీసిన బొమ్మలోనూ లేదు. పోల్చి చూస్తే రెండూ అచ్చు గుద్దినట్టున్నాయి. ఇక ఏ కొలత పట్టుకుంటుంది?

సరే, టెస్టు సెట్‌ని కడగలేదనుకుందాం. అప్పుడు ఎఫ్‌ఐడీ పట్టుకునేదా? కొంచెం ఆగి ఆలోచించండి, ఇది మీ అందరి వ్యాసాలకీ సంబంధించిన ప్రశ్న. 2017 నుంచి మనం వాడుతున్న ఆ కొలతకి కళ్లు ఎవరివి? ఫోటోలో ఏముందో గుర్తుపట్టే ఇన్సెప్షన్ నెట్‌వర్కువి. అది చదువుకున్నది ఇమేజ్‌నెట్ ఫోటోల మీద. అందులో వెయ్యి వర్గాలు, వాటిలో వందకు పైగా కుక్కజాతులే. దాని కంటితో రెండు గుంపుల బొమ్మల్ని 2048 అంకెల వరసలుగా మార్చి, వాటి సగటునీ, అవి కలిసి మారే తీరు చెప్పే కోవేరియన్సునీ పోలుస్తాం. కుక్క ఫోటోలకి అది మంచి కన్నే. థ లో చుక్క ముఖ్యమని దానికి ఎవరు చెప్పారు? 4096 పిక్సెళ్లలో తొమ్మిది, అంటే వెయ్యికి రెండు. ఆ రెండింటి మీదే మాట నిలబడి ఉందని తెలుగు చదివేవాడికి తెలుసు, ఆ నెట్‌వర్కుకి తెలియదు. పిక్సెల్ వారీగా నష్టం లెక్కకట్టే ఆటోఎన్‌కోడర్‌కీ తెలియదు. చుక్క మొత్తం మింగేసినా నష్టంలో వచ్చే తేడా దానికి ఆనదు.

నా బాధ ఇక్కడితో అయిపోలేదు. సవరణ రాసి సదస్సు వాళ్లకి పంపాను. రెండుసార్లు పంపాను. జవాబు రాలేదు. మా పేజీలో కొత్త డేటా పెట్టి, పాతది వాడొద్దని పెద్దక్షరాల్లో రాశాం. ఈలోపు పాతదాన్ని తీసుకున్నవాళ్లు తీసుకున్నారు. ఆ తర్వాత ఒక విద్యార్థి తన అక్షర గుర్తింపు వ్యవస్థని నాకు చూపిస్తే, దానికి ‘పాఠశాల’ ఇస్తే ‘పారశాల’ అని చదివింది. డేటా ఎక్కడిదని అడిగాను. మాదే. ఆ అబ్బాయి ముందు తలెత్తుకోలేకపోయాను. ఎనిమిది కోట్ల మందికి పైగా మాట్లాడే భాష ఇది, 2011 జనాభా లెక్కల్లోనే ఉంది. అంతమందికీ అక్షరమైన థ ని దుమ్ము అని చెరిపింది తెలుగు రానివాళ్లు కాదు. తెలుగులో పుట్టి, అచ్చు అక్షరాలతో ఆడుకుని పెరిగిన నేను.

చరిత్రకి మళ్లీ రాలేను, సమయం అయిపోతోందని అధ్యక్షులవారు చూపిస్తున్నారు. ఒక్క మాట, నిన్న మధ్యాహ్నం టీ దగ్గర ఒకమ్మాయి అడిగింది, టెక్స్టులో ఈ ఇబ్బంది ఉండదు కదా మేడమ్ అని. ఉంటుందమ్మా. ‘స్త్రీ’ అని రాయి. కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్లు అక్షరాలకి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం గుర్తు. వాటిని దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటీ మూడు బైట్లు, మొత్తం పద్దెనిమిది. బైటు బైటుగా రాసే మోడల్ పదో బైటు దగ్గర తప్పితే పక్క అక్షరం కూడా రాదు, చాలాసార్లు నల్ల డైమండులో ప్రశ్నార్థకం వస్తుంది. అది కనిపిస్తుంది కాబట్టి నయమే. మోడల్ ఒక పొల్లు వదిలేస్తే మాత్రం చక్కగా చదవగలిగే తప్పు మాట వస్తుంది, దాన్ని సగటు లాస్, అంటే మోడల్ తప్పుల సగటు లెక్క, చెప్పదు. ఎవరో ఒకరు కూర్చుని చదవాలి.

అందుకని మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను. రేపటి ల్యాబులో నోట్‌బుక్ రన్ చేసే ముందు డేటాలోంచి వంద నమూనాలు తీసి కాగితం మీద ప్రింటు వెయ్యండి. శుభ్రం చేసే స్క్రిప్టుకి ముందు వంద, తర్వాత అవే వంద, పక్కపక్కన పెట్టండి. ఆ స్క్రిప్టు ఏం తీసేసిందో దాన్ని కూడా విడిగా దాచి చూడండి. మేం ఆ ఒక్క పని చేసి ఉంటే చెరిపేసిన మచ్చల ఫోల్డరులో వేల చుక్కలు ఒకే సైజులో, ఒకేచోట కనపడేవి. దుమ్ము అలా పడదు. మోడల్ గీసినవి కూడా వంద ప్రింటు వేసి, ఆ విషయం తెలిసినవాళ్లకి చూపించండి. ఎక్స్‌రేలైతే రేడియాలజిస్టుకి, నేత డిజైన్లైతే మగ్గం మీద కూర్చునే మనిషికి, స్వరాలైతే పాడేవాళ్లకి. చూపించి మీరు మాట్లాడకండి. వాళ్లని పైకి చదవనివ్వండి. వాళ్లు తడబడితే నాలా నవ్వకండి, ఎక్కడ తడబడ్డారో రాసుకోండి. మీ రంగానికి కొలత లేకపోతే ఆ రాసుకున్నదాంట్లోంచే కొలత తయారుచెయ్యండి. మేం తర్వాత చేసింది అదే. ఒక్క చుక్కతో, ఒక్క గీతతో తేడా వచ్చే జంటలన్నీ జాబితా వేసి, ఒక్కో జంటని మోడల్ ఎన్నిసార్లు కలిపేస్తోందో లెక్కపెట్టాం. దానికి మోడళ్లకి శిక్షణ ఇచ్చే జీపీయూ చిప్పు అక్కర్లేదు, ల్యాప్‌టాప్ చాలు.

సమీక్షకులకి ఇది కొత్త కొలతగా కనపడి అభ్యంతరం చెప్పొచ్చు. చెప్పారు కూడా. ప్రామాణికమైన అంకె కూడా పక్కన వెయ్యండి, గొడవ లేదు. కానీ మీ థీసిస్‌లో మీది మానొద్దు. గైడు వద్దన్నా మానొద్దు. ఇక్కడున్న గైడులకి కూడా నా మనవి, దయచేసి వద్దనకండి.

ఆ దసరా నాటి కాగితం ఇదే. నాన్న ఎర్ర పెన్సిల్‌తో చుట్టిన గుర్తులు రెండున్నాయి, ట వర్గులో ఒకటి, త వర్గులో ఒకటి. పక్కన చిన్నగా ‘చుక్క’ అని రాశారు, ప్రూఫు దిద్దే అలవాటుతో. నాన్న ఇప్పుడు లేరు. దీన్ని స్కాన్ చేసి తెర మీద వెయ్యమని అడిగారు గానీ నేనే వద్దన్నాను, చేతిలో పట్టుకుని చూస్తేనే తెలుస్తుంది. ముందు వరస నుంచి అందుకోండి. మీ వేలు పెట్టి ఒక్కో అక్షరం పైకి చదివి పక్కవాళ్లకి ఇవ్వండి. చివరి వరస దాకా వెళ్లనివ్వండి, తొందరేం లేదు. నేను ఇక్కడే కూర్చుంటాను.