బేకరీ మనిషి చూపించిన పార్కు

మిత్రులందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం ఒక పార్కు గురించి మాట్లాడతాను. పార్కు కంటే ముందు ఒక బేకరీ గురించి చెప్పాలి.

1850 మే నెల. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్‌కి ఎదురుగా, మెర్సీ నది అవతలి గట్టున బర్కెన్‌హెడ్ అనే ఊరు. కాలినడకన దేశం చూద్దామని బయల్దేరిన ముగ్గురు అమెరికా కుర్రాళ్లు ఆ ఊళ్లో ఓ బేకరీ దగ్గర ఆగారు. షాపు ఆయన వాళ్లను ఊరికే వదల్లేదు. మా ఊరి కొత్త పార్కు చూడకుండా వెళ్లొద్దని పట్టుబట్టాడు. సరే, అంతగా చెబుతున్నాడు కదా అని వెళ్లారు.

ఆ ముగ్గురిలో ఒకడి పేరు ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్. అప్పటికి 28 ఏళ్లు, వ్యవసాయం చేసుకునే మనిషి. ఎనిమిదేళ్ల తర్వాత, 1858లో, కాల్వర్ట్ వాక్స్ అనే భవన శిల్పితో కలిసి న్యూయార్క్ సెంట్రల్ పార్కుకి నమూనా గీసింది ఇతనే. మన పిల్లలు అమెరికాలో ఉంటే, వాళ్లను చూడటానికి వెళ్లినప్పుడు మనలో చాలామంది ఆ సెంట్రల్ పార్కులో ఫొటోలు దిగే ఉంటాం. దాని వెనక బర్కెన్‌హెడ్ పార్కు ఉందని నాకూ చాలాకాలం తెలియదు. రెండేళ్ల కిందట బంధువుల ఇంటికి లివర్‌పూల్ వెళ్లినప్పుడు చూశాను. ఒకసారి చూస్తే చాలనిపించలేదు, నాలుగుసార్లు వెళ్లాను.

అసలు ఈ పార్కులో కొత్తేముంది? తోటలు అంతకుముందు లేవా అంటే, బ్రహ్మాండమైనవే ఉన్నాయి. కానీ అవి రాజులవి, జమీందార్లవి. గేటు తీస్తే వాళ్ల దయ, తీయకపోతే లేదు. 1840లో డెర్బీ పట్టణంలో జోసెఫ్ స్ట్రట్ అనే మిల్లు యజమాని ఊరి జనానికి ఒక తోట దానం చేశాడు. చాలా మంచి పని. అయినా దాని నిర్వహణకు డబ్బు కావాలి కాబట్టి అక్కడ వారంలో రెండు రోజులే ఉచితం, మిగతా రోజుల్లో టికెట్. కూలివాడు ఆ రెండు రోజుల కోసం చూసుకోవాలి.

అప్పటి ఊళ్ల పరిస్థితి కూడా గుర్తుపెట్టుకోవాలి. మిల్లుల పొగ, ఇరుకు గదులు, మురుగు, 1832 నాటి కలరా. జనం కాళ్లు చాపుకుని నడవడానికి ఊళ్లలో జాగా లేదని 1833లో పార్లమెంటు కమిటీ ఒకటి తేల్చి చెప్పింది. బర్కెన్‌హెడ్‌నే తీసుకోండి. 1801లో అక్కడ ఉన్నది 110 మంది. ఒక పల్లె అనడానికి కూడా చాలదు. విలియం లెయిర్డ్ అక్కడ పెట్టిన ఇనుప పరిశ్రమ, దాని వెంటే నౌకల తయారీ, లివర్‌పూల్‌కి స్టీమర్లు. 1841 నాటికి జనాభా ఎనిమిది వేలు దాటింది. ఆ వేగం చూసిన అక్కడి పెద్దలు, స్థలం ఉండగానే పార్కు కట్టుకోవాలనుకున్నారు. అదీ ప్రజల డబ్బుతో. అందుకు చట్టం కావాలి కాబట్టి 1843లో పార్లమెంటు నుంచి తెచ్చుకున్నారు. ఎవరి దానం కోసమూ చూడకుండా, ఊరు తన డబ్బుతో తన కోసం కట్టుకున్న పార్కుల్లో మొట్టమొదటిదిగా దీనికి పేరు.

డబ్బు లెక్క కూడా చెప్పాలి. నాకు చాలా నచ్చిన సంగతి అది. 226 ఎకరాలు కొన్నారు. అందులో 125 ఎకరాలు పార్కుకి. మిగతా నేలని చుట్టూ ప్లాట్లు వేసి, విల్లాలు కట్టుకునేవాళ్లకు అమ్మారు. ఎదురుగా పార్కు ఉంటే ప్లాటుకి గిరాకీ పెరుగుతుంది, ఆ వచ్చిన డబ్బుతో పార్కు ఖర్చు తీరుతుంది. 1847లో ఆర్థిక మాంద్యం వచ్చిపడి ప్లాట్లు అనుకున్నంత వేగంగా కదల్లేదు, అది వేరే విషయం. ముందు పార్కు, దాని చుట్టూ ఇళ్లు అన్న ఆ వరస చూడండి. మన లేఔట్లలో ఇళ్లకు పనికిరాని మూల ముక్కని పార్కు అని రాయడం నేను ఎన్నోచోట్ల చూశాను. అది తలుచుకున్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ఇక ఈ పార్కుకి నమూనా గీసిన మనిషి జోసెఫ్ పాక్స్‌టన్. పేద రైతు కుటుంబంలో పుట్టాడు. 1826లో, ఇరవై మూడేళ్లు నిండేలోపే, డెవన్‌షైర్ డ్యూక్ గారి చాట్స్‌వర్త్ తోటలకు పెద్ద తోటమాలి అయ్యాడు. ఆ తర్వాత 1851లో లండన్‌లో గాజుతో, ఇనుముతో లేచిన క్రిస్టల్ ప్యాలెస్ అనే పెద్ద ప్రదర్శనశాల ఇతని ఊహే. బర్కెన్‌హెడ్ వాళ్లు పిలిచి స్థలం చూపించినప్పుడు అది పల్లపు నేల, బంకమట్టి, నీరు నిలిచే చోటు. ఆ నేలని అర్థం చేసుకోవడానికి ముప్ఫై మైళ్లయినా నడిచానని భార్యకు ఉత్తరం రాశాడు పాక్స్‌టన్. పార్కుకి ఇది మంచి చోటు కాదనీ, అయితే చెడ్డ సరుకుతో మంచి వస్తువు చేస్తే పేరు ఇంకా ఎక్కువ వస్తుందనీ అదే ఉత్తరంలో రాసుకున్నాడు. తోటపని తెలిసినవాడి ధీమా అది.

మరి ఏం చేశాడు? నేలలో నీరు దిగడానికి కాలువలు వేయించాడు. రెండు చెరువులు తవ్వించాడు, ఎగువ పార్కులో ఒకటి, దిగువ పార్కులో ఒకటి. తవ్విన మట్టిని బయటికి తోలించలేదు. అక్కడే గట్లుగా, దిబ్బలుగా పోయించి వాటిమీద చెట్లు పెట్టించాడు. చెరువు వల్ల పల్లానికి నీరు చేరే దారి దొరికింది, దిబ్బల వల్ల చదునైన నేలకి ఎత్తుపల్లాలు వచ్చాయి. దగ్గరుండి పని చేయించింది ఎడ్వర్డ్ కెంప్ అనే యువకుడు. పార్కు తయారయ్యాక ఆయనే దాని సూపరింటెండెంట్‌గా దశాబ్దాల పాటు ఉండిపోయాడు.

దిగువ పార్కు చెరువు దగ్గర నేను గమనించింది కొంచెం నిదానంగా చెబుతాను. గట్టున రాతితో కట్టిన పడవల మండపం ఉంది, కింద పడవలకి చోటు, పైన స్తంభాల మధ్య తెరపిగా ఒక అంతస్తు. బ్యాండు మేళం వాయించడానికని ఆ అంతస్తు కట్టారు. దాన్ని రోమన్ బోట్‌హౌస్ అంటారు. అక్కడ నిలబడి చూస్తే చెరువు ఎదురుగా కొంత దూరం పోయి, చెట్ల దిబ్బ వెనక్కి తిరిగిపోతుంది. చివర కనిపించదు. సరే, ఆ దిబ్బ దాటి చూద్దామని నడిచాను. అక్కడికి వెళితే ఇంకో మలుపు, మధ్యలో ఒక దీవి. ఎక్కడ నిలబడ్డా చెరువు మొత్తం ఒక్కసారిగా కంటికి దొరకదు. నిజానికి అది పెద్ద చెరువేం కాదు, మన ఊరి చెరువుల ముందు ఏ మూలకీ రాదు. చుట్టూ తిరిగి వచ్చాక కూడా పెద్దదనే అనిపించింది నాకు.

ఆ దీవికి వెళ్లే దారిలో స్విస్ బ్రిడ్జి. చెక్కతో కట్టి, పైన ఇంటికప్పులా కప్పు వేసిన వంతెన. ఆ పద్ధతి వంతెన బ్రిటన్‌లో ఇదొక్కటే అంటారు. నేను వెళ్లిన ఒక రోజు చినుకులు పడ్డాయి. చిన్నపిల్లల తోపుడు బండ్లతో ఇద్దరు తల్లులు, కుక్కతో ఒక ముసలాయన, నేను, అందరం ఆ కప్పు కిందికి చేరాం. ఎవరం ఎవరికీ తెలియదు. వాన తగ్గేదాకా అక్కడే నిలబడ్డాం. ఓమ్‌స్టెడ్‌కి కూడా ఆ పార్కులో వానే తగిలింది. దీవిలో ఒక చిన్న మండపం కిందికి పరిగెత్తారట. క్షణాల్లో అది జనంతో నిండిపోయింది. అన్ని వర్గాల వాళ్లూ ఉన్నారందులో. ఈ తోటని అందరూ దాదాపు సమానంగా అనుభవిస్తున్నారని సంతోషంగా రాసుకున్నాడు. ప్రజాస్వామ్యం అని చెప్పుకునే తన అమెరికాలో ఈ జనం తోటకి సాటి వచ్చేది ఏదీ లేదన్నాడు. దీని మీద రాణికి ఎంత హక్కో నిరుపేద రైతుకీ అంతే హక్కు అన్నాడు. అంతకుమించి, ఆ బేకరీ ఆయనలో పార్కు సొంతదారుడి గర్వం చూశానని రాశాడు.

దారుల సంగతి కూడా చెప్పాలి. గుర్రపు బగ్గీలకి వంపులు తిరిగే వెడల్పు దారి వేరు, నడిచేవాళ్లకి లోపల సన్నని బాటలు వేరు. బగ్గీలో వచ్చే దొరగారికి తన దారి, పిల్లల్ని నడిపించుకొచ్చే తల్లికి తన దారి. సెంట్రల్ పార్కులో ఓమ్‌స్టెడ్, వాక్స్ ఈ ఆలోచనని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. ఊరి ట్రాఫిక్ అడ్డంగా దాటే రోడ్లని నేలకన్నా కిందికి దించేశారు.

ముఖద్వారం మూడు కమానులతో, గ్రీకు పద్ధతి స్తంభాలతో ఠీవిగా ఉంటుంది. కాపలా ఇళ్లు ఒక్కొక్కటి ఒక్కో తీరు: ఒకటి కోటలా, ఒకటి కోసు కమానుల గోతిక్ పద్ధతిలో, ఒకటి ఇటాలియన్ పద్ధతిలో. లూయిస్ హార్న్‌బ్లోవర్, జాన్ రాబర్ట్‌సన్ వీటికి నమూనాలు ఇచ్చారు. ఈ భవనాల కన్నా ఆ చెరువు మలుపులే గొప్పవని నా అభిప్రాయం. క్రికెట్ అభిమానులకి మాత్రం ఇంకో మాట. ఈ పార్కు క్రికెట్ క్లబ్ 1846లో మొదలైంది, అంటే పార్కు తెరవకముందే.

పార్కు తెరిచింది 1847 ఏప్రిల్ 5న, అప్పటి ప్రభుత్వంలో మంత్రి లార్డ్ మోర్పెత్ చేతుల మీదుగా. అదే రోజు ఓడలు ఆగే ఊరి కొత్త రేవులు కూడా తెరిచారు. ఆ తర్వాత రెండు ప్రపంచయుద్ధాలు వచ్చాయి, నౌకల పని తగ్గింది, ఊరు దెబ్బతింది. పార్కు కూడా నీరసించింది. 1995లో దానికి చారిత్రక తోటల జాబితాలో అత్యున్నత శ్రేణి ఇచ్చారు. ఆ తర్వాతి ఏళ్లలో, జాతీయ లాటరీ డబ్బు నుంచి పాత కట్టడాలకు ఇచ్చే నిధి సాయంతో కోటి పౌండ్లకు పైగా పెట్టి చెరువులు, వంతెనలు, మండపాలు బాగుచేశారు. 2023లో బ్రిటన్ ప్రభుత్వం దీన్ని ప్రపంచ వారసత్వ హోదా కోసం ప్రతిపాదించే స్థలాల జాబితాలో చేర్చింది.

మీలో ఎవరైనా అటువైపు వెళితే, లివర్‌పూల్‌లో రైలెక్కండి. నది కింద సొరంగంలో నుంచి అవతలికి వెళుతుంది, బర్కెన్‌హెడ్ పార్క్ పేరుతోనే స్టేషన్ ఉంది. లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు. మ్యాపు చూడకుండా బోట్‌హౌస్ దగ్గర మొదలుపెట్టి గట్టు వెంబడి నడవండి. నీళ్లు కనుమరుగైన చోట ఆగిపోవద్దు, ఆ దిబ్బ దాటండి.