ఖాళీ స్థలాలకు పౌర కమిటీ: పేర్లు ఎవరు రాయాలి?

హైదరాబాద్‌లో పార్కులు, చెరువు శిఖాలు (చెరువు నీళ్లు నిలిచే భూములు), లేఅవుట్ ఖాళీ స్థలాల ప్లానింగ్‌పై పౌర సలహా కమిటీ వేయాలన్న డిమాండ్‌పై జరిగిన స్టూడియో చర్చ ఇది. ఒకరి మాట మీద ఒకరి మాట పడిన చోట్ల అలాగే ఉంచాను. కాలనీ ప్రతినిధి చెప్పబోయిన గజాల లెక్క ప్రతిసారీ మధ్యలోనే తెగిపోయింది. మిగతాది ఎలా చదివినా, ఆ లెక్క దగ్గర మాత్రం కాసేపు ఆగి చదవమని నా మనవి.

మోడరేటర్: నమస్కారం. 2025లో ఉగాది పండగ నాడు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలిలోకి చెట్లు తొలగించడానికి బుల్‌డోజర్లు వచ్చాయి. 400 ఎకరాలు. యూనివర్సిటీ విద్యార్థులు రోడ్డెక్కారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. అప్పటి నుంచి ఒకటే మాట వినిపిస్తోంది: యంత్రాలు వచ్చాక కోర్టుకు పోవడం కాదు, ముందే అడిగేందుకు పౌరుల కమిటీ ఒకటి ఉండాలని. నా ప్రశ్న సూటిగా ఒక్కటే. ఆ కమిటీలో పేర్లు ఎవరు రాస్తారు? మేడం, మీతో మొదలుపెడదాం.

కాలనీ ప్రతినిధి: నేను పెద్ద పెద్ద విషయాలు మాట్లాడలేను. మా కాలనీ పార్కు సంగతి చెబుతాను. లేఅవుట్ కాగితంలో 1,150 గజాలు అని ఉంది. మొన్న ఆదివారం నేనూ, మా ఎదురింటి ఆవిడా టేపు పట్టుకుని కొలిచాం. ఒక మూల ట్రాన్స్‌ఫార్మర్, దాని చుట్టూ కంచె...

మాజీ కార్పొరేటర్: అమ్మా, ట్రాన్స్‌ఫార్మర్ లేకపోతే మీ ఇంట్లో ఫ్యాన్ ఎట్లా తిరుగుతది?

కాలనీ ప్రతినిధి: తీసేయమనడం లేదన్నా, లెక్క చెబుతున్నా.

మాజీ కార్పొరేటర్: సరే, చెప్పండి. కానీ ముందు నన్నొక మాట చెప్పనివ్వండి. అసలు కమిటీ ఎందుకు? కార్పొరేటర్ వ్యవస్థ ఉంది. ఎమ్మెల్యే ఉన్నాడు. ఓట్లేసి గెలిపించిన మనిషిని పక్కన పెట్టి, ఎవరూ ఓటెయ్యని పది మందిని తెచ్చి కూర్చోబెడతారా? నేను పొద్దున ఆరింటికి డివిజన్‌లో తిరిగిన మనిషిని. డ్రైనేజీ పొంగితే నాకే ఫోను. చెట్టు కూలితే నాకే ఫోను. అర్ధరాత్రి కమిటీ మెంబర్‌కు చేస్తారా ఫోను?

మోడరేటర్: అంటే పేర్లు రాసే అధికారం కార్పొరేటర్‌దేనంటారు.

మాజీ కార్పొరేటర్: కమిటీయే వద్దంటున్నా.

మోడరేటర్: వేస్తే? వేస్తే ఎవరు రాయాలి?

విశ్రాంత ప్లానర్: నేనొక మాట కలపొచ్చా? ఇది కొత్త ఆలోచనేం కాదు. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. జనాభా 3 లక్షలు దాటిన పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని అందులోనే ఉంది. 2020లో జీహెచ్‌ఎంసీ చట్టాన్ని సవరించినప్పుడు ఇంకా వివరంగా రాశారు. ప్రతి డివిజన్‌కు నాలుగు కమిటీలు. యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులు. ఒక్కో కమిటీలో 25 మంది. అంటే డివిజన్‌కు 100 మంది. అప్పుడున్న 150 డివిజన్లకు 15,000 మంది. బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికని కూడా అప్పుడే పెట్టారు.

చెరువుల కార్యకర్త: అన్నా, మీ డివిజన్‌లో ఆ 100 మంది ఎవరో చెప్పండి.

మాజీ కార్పొరేటర్: తమ్ముడూ, నువ్వు ఏ డివిజన్?

చెరువుల కార్యకర్త: నా డివిజన్ సంగతి తర్వాత. మీ 100 మంది?

మాజీ కార్పొరేటర్: నా వెనక 100 మంది కాదు, వెయ్యి మంది ఉంటారు. రండి చూపిస్తా.

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

మోడరేటర్: ఒక్కొక్కరు, ఒక్కొక్కరు. సార్, చట్టంలో ఉన్న ఆ 100 పేర్లు ఎవరు రాయాలి? నా ప్రశ్న అక్కడే ఉంది.

విశ్రాంత ప్లానర్: పేర్ల కన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఫైలు ఏ దశలో కమిటీ ముందుకొస్తుంది? సర్వే నంబరు మీద భూ వినియోగం మార్చాలని ప్రతిపాదన పెట్టిన రోజే వస్తే ఉపయోగం. టెండరు పిలిచాక వస్తే సంతకం పెట్టడానికి తప్ప...

మాజీ కార్పొరేటర్: సార్ సర్వీసులో ఉన్నప్పుడు ఇవన్నీ ఎందుకు చెప్పలేదు? రిటైరయ్యాక అందరికీ గుర్తొస్తాయి.

విశ్రాంత ప్లానర్: ఫైలు మీద రాశాను. పార్కు స్థలం ఎప్పటికీ పార్కు స్థలమే. 1991లో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. బెంగళూరులో పార్కుకని ఉంచిన జాగాను ఒక ట్రస్టుకు నర్సింగ్ హోమ్ కట్టుకోవడానికి ఇచ్చారు. అక్కడి జనమే కోర్టుకు పోయారు. గెలిచారు. ఆసుపత్రి మంచిదే కదా అన్న వాదన కూడా నిలవలేదు.

మాజీ కార్పొరేటర్: బెంగళూరు మనకెందుకు సార్? ఇక్కడి మాట మాట్లాడండి.

చెరువుల కార్యకర్త: ఇక్కడి మాటే చెబుతా. అంబర్‌పేట బతుకమ్మ కుంట. పాత రికార్డుల్లో 14 ఎకరాల పైచిలుకు. చెరువులు, ప్రభుత్వ జాగాల్లో కబ్జాలు తీసేసే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చి తవ్వేనాటికి మిగిలింది 5 ఎకరాల పైచిలుకు. 2025 సెప్టెంబర్‌లో అక్కడ మళ్లీ బతుకమ్మలు వేశారు. సంతోషమే. మిగతా తొమ్మిది ఎకరాలు ఒక్క రాత్రిలో పోలేదు కదా! ఏళ్ల తరబడి మట్టి పోస్తుంటే చుట్టుపక్కల వాళ్లు చూస్తూనే ఉండి ఉంటారు. చూసినవాళ్లు చెప్పుకోవడానికి ఒక చోటు కావాలి. నేను అడిగే కమిటీ అది.

మోడరేటర్: హైడ్రా ఉంది కదా మరి? 2024 జులైలో పెట్టారు. మళ్లీ కమిటీ దేనికి?

చెరువుల కార్యకర్త: హైడ్రా కూల్చడానికి వస్తుంది. కట్టకముందు ఎవరు రావాలి?

మాజీ కార్పొరేటర్: ఇదిగో, ఈ కూల్చుడు గురించే మాట్లాడాలి. పేదోడు 60 గజాల్లో రేకుల షెడ్డు వేసుకుంటే...

(కూల్చివేతల మీద ఇక్కడ చాలాసేపు వాదన నడిచింది. మూసీ, 1908 వరద, ఆ తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల దాకా వెళ్లింది. కమిటీ ఊసు రాలేదు కాబట్టి వదిలేస్తున్నాను.)

మోడరేటర్: మళ్లీ విషయానికి వద్దాం. మేడం, మీ కాలనీ నుంచి ఒక పేరు రాయమంటే ఎవరి పేరు రాస్తారు?

కాలనీ ప్రతినిధి: ముందు నా లెక్క పూర్తి చేయనివ్వండి. ఒక మూల ట్రాన్స్‌ఫార్మర్. రెండో మూల బోరు, నీళ్ల ట్యాంకు. గేటు పక్కన సంఘం ఆఫీసు గది. ఉత్తరం వైపు పక్కింటాయన ప్రహరీ మూడడుగులు లోపలికి వచ్చింది. పాత హద్దురాయి, అదే కడీరాయి, ఆ గోడకు ఇవతల ఉండాలి, ఇప్పుడు వాళ్ల పూలకుండీ వెనక ఉంది. నేను వేలితో తడిమి చూశా, రాయి మీద గీత ఇంకా తెలుస్తోంది. అన్నీ పోగా పిల్లలు ఆడుకోవడానికి మిగిలింది 740 గజాలు. మున్సిపల్ ఆఫీసుకు పోతే, పార్కు జాగాను మున్సిపాలిటీకి రాసిచ్చిన గిఫ్ట్ డీడ్ ఉందా అని అడిగారు. లేదు. అప్పట్లో పంచాయతీ లేఅవుట్, రాసివ్వలేదు. రాసివ్వకపోతే రేపు పాత పట్టాదారు వారసులు వచ్చి మాదే అంటారేమోనని రోజూ టెన్షన్‌గా ఉంటుంది. ఇలాంటి పార్కులు ఎన్ని ఉన్నాయో ఒక పట్టిక...

మాజీ కార్పొరేటర్: అక్కా, ఒక్క ప్రశ్న. మీ పార్కుకు తాళం ఉందా లేదా?

కాలనీ ప్రతినిధి: ఉంది. పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా వేస్తారు.

మాజీ కార్పొరేటర్: ఎందుకు?

కాలనీ ప్రతినిధి: వెనక బస్తీ పిల్లలు వచ్చి క్రికెట్ ఆడతారని. అద్దాలు పగులుతున్నాయని సంఘంలో...

మాజీ కార్పొరేటర్: అదీ! విన్నారా? ఇదే నేను చెప్పేది. 74వ సవరణ అంటారు, సుప్రీంకోర్టు అంటారు. తీరా చూస్తే గేటుకు తాళం! కమిటీ వేస్తే అందులో ఎవరుంటారు? ఈ తాళం వేసినవాళ్లే ఉంటారు. వాకింగ్ చేసేవాళ్లు, ఇంగ్లిష్‌లో మెయిల్ రాసేవాళ్లు. 40 గజాల ఇంట్లో ఆరుగురు ఉండే బస్తీకి ఆడుకునే జాగా ఎక్కడుంది? వాడి పేరు ఎవరు రాస్తారు? నేను రాస్తా. ఎందుకంటే వాడు నాకు ఓటేశాడు.

మోడరేటర్: మంచి పాయింట్. ఇదే నా ప్రశ్న మొదటి నుంచీ. పేర్లు ఎవరు రాస్తారు?

కాలనీ ప్రతినిధి: తాళం తప్పే. నేను సంఘంలో వద్దనే చెప్పాను. నా మాట నెగ్గలేదు. బస్తీ వాళ్లు కూడా కమిటీలో ఉంటే నెగ్గేది. అందుకే అడుగుతున్నా.

(ఈ మాట ఎవరూ పట్టించుకోలేదు. చర్చ మొత్తంలో అందరికన్నా సూటిగా వచ్చిన జవాబు ఇదే.)

చెరువుల కార్యకర్త: కమిటీలో సగం మంది బస్తీల నుంచే ఉండాలి. ఓటరు జాబితా నుంచి చీటీ తీయండి. పేర్లు ఎవరూ రాయక్కర్లేదు.

మాజీ కార్పొరేటర్: చీటీలా? నగరాన్ని చీటీలు వేసి నడుపుతారా తమ్ముడూ?

మోడరేటర్: చీటీ తీసేదెవరు మరి? ఆ చెయ్యి ఎవరిది?

విశ్రాంత ప్లానర్: డబ్బు సంగతి ఒకటి చెప్పాలి. అనుమతి లేని లేఅవుట్లలో 10 శాతం ఖాళీ జాగా వదలకపోతే, ఎల్‌ఆర్‌ఎస్, అంటే లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం కింద ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ కట్టించుకుంటారు. అది పార్కు బదులు కట్టిన డబ్బు. ఏ ప్రాంతంలో ఎంత వసూలైంది, ఆ డబ్బుతో అదే ప్రాంతంలో ఎన్ని గజాల జాగా కొన్నారు అన్న లెక్క కమిటీ చేతిలో పెట్టాలి. సలహా అంటే ఏదో మొక్కల రకాలు చెప్పడం కాదు. ఈ లెక్క అడగడం.

మోడరేటర్: ఇది కొంచెం టెక్నికల్ అవుతోంది సార్. చూసేవాళ్ల కోసం సింపుల్‌గా...

విశ్రాంత ప్లానర్: సింపుల్‌గానే చెప్పాను. 200 గజాల ప్లాటు కొన్న మనిషి పార్కుకని డబ్బు కట్టాడు. ఆ పార్కు ఏది?

మాజీ కార్పొరేటర్: ఆ డబ్బుతోనే రోడ్లు పడాలి, డ్రైనేజీ పడాలి. వానొస్తే మోకాటి లోతు నీళ్లలో నిలబడి పార్కు చూసుకుంటారా?

చెరువుల కార్యకర్త: నీళ్లు ఇంకే జాగా లేకనే మోకాటి లోతు వస్తోందన్నా. అందుకే ఖాళీ...

మాజీ కార్పొరేటర్: నేను పూర్తి చేయలేదు. నేను పూర్తి చేయలేదు. ఓడిపోతే నన్ను ఇంటికి పంపుతారు. కమిటీ తప్పు చేస్తే ఎవర్ని పంపుతారు? దీనికి ఒక్కరు జవాబు చెప్పండి.

మోడరేటర్: చెప్పండి, ఎవరైనా. పది సెకన్లు.

విశ్రాంత ప్లానర్: మూడేళ్ల గడువు పెట్టొచ్చు. సమావేశాల మినిట్స్ బయటపెట్టాలి. కమిటీ వద్దన్నది అధికారి చేస్తే, ఎందుకు చేశాడో రాతపూర్వకంగా...

మోడరేటర్: టైమ్ దగ్గరపడింది. ముగింపుగా, అన్నా, మీకు అర నిమిషం. కమిటీ వేస్తే పేర్లు ఎవరు రాయాలి?

మాజీ కార్పొరేటర్: ప్రజలు గెలిపించినవాడు రాయాలి. అంతే. నేను కమిటీకి వ్యతిరేకం కాదు. మొదటి నుంచీ అదే చెబుతున్నా. కానీ జనం లేని కమిటీ వద్దు. మా దగ్గర మూడు పార్కులు నేను నిలబడి కట్టించా, ఓపెన్ జిమ్ పెట్టించా, లైట్లు వేయించా. ఏ కమిటీ చెప్పింది నాకు?

మోడరేటర్: అంటే కార్పొరేటర్ ఆధ్వర్యంలోనే కమిటీ అన్న అభిప్రాయం ఇక్కడ బలంగా వినిపించింది.

చెరువుల కార్యకర్త: అది ఆయన అభిప్రాయం. మా ముగ్గురిదీ కాదు.

కాలనీ ప్రతినిధి: మిగతా 410 గజాల సంగతి...

మోడరేటర్: అమ్మా, మరోసారి తప్పకుండా మాట్లాడదాం.

కాలనీ ప్రతినిధి: ఆ టేపు, లేఅవుట్ కాగితం సంచిలో తెచ్చాను. ఒక్కసారి కెమెరాకు చూపిస్తే...

(ఇక్కడ ప్రసారం ఆగింది.)